స్క్రిప్ట్‌లు ఆపే యాడ్‌ఆన్ పెడితే బ్రౌజింగ్ నిజంగా భద్రమేనా?

జిరాక్స్‌షాపు:
షాపులో నాలుగు సిస్టమ్‌లు, విండోస్ 10, ఫైర్‌ఫాక్స్. ఈఏపీసెట్ దరఖాస్తులు, పాన్ కార్డులు, కాలేజీ ఫీజులు, కరెంటు బిల్లులు. సైట్లు పంపే స్క్రిప్ట్‌లని ఆపే నోస్క్రిప్ట్ అనే యాడ్‌ఆన్ పెడితే ఏ వైరసూ రాదని ఒకరు, పెడితే షాపు మూసుకోవాల్సిందేనని ఇంకొకరు. పెట్టాలా వద్దా, ఒక్క మాటలో చెప్పండి.

మూడోకన్ను:
పెట్టండి. ఒక్క మాట అడిగారు, చెప్పేశాను. ఇక కారణాలు.

బ్రౌజర్లో దొరికే పెద్ద కన్నాల్లో చాలావాటిని వాడుకోవాలంటే ఎదుటివాడి కోడ్ మన మెషీన్లో నడవాలి. ఆ కోడ్ పేజీతో పాటు వచ్చి బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్టే. 2013లో ఫ్రీడమ్ హోస్టింగ్ అనే సంస్థ నడిపిన రహస్య సైట్లలో ఎఫ్‌బీఐ దూర్చిన ఎక్స్‌ప్లాయిట్ (లోపాన్ని వాడుకునే కోడ్), ఎవరో తెలియకుండా తిరగడానికి వాడే టార్ బ్రౌజర్లోని ఫైర్‌ఫాక్స్ 17ని పట్టుకుంది. జావాస్క్రిప్ట్ ఆపుకున్నవాళ్ళ దగ్గర అది కదల్లేదు. 2024 అక్టోబరులో మొజిల్లా ఆదరాబాదరాగా మూసిన యానిమేషన్ టైమ్‌లైన్ లోపమూ ఆ బాపతే. పేజీ తెరిస్తే చాలు, దేన్నీ నొక్కక్కర్లేదు.

పాలీఫిల్ సంగతి సరేసరి. పాత బ్రౌజర్లకి లేని సదుపాయాలు అందించే ఆ స్క్రిప్ట్‌ని లక్షకు పైగా సైట్లు బయటి డొమైన్ (వేరే వెబ్ చిరునామా) నుంచి తెచ్చుకునేవి. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ చేతులు మారింది. జూన్‌కల్లా అదే స్క్రిప్ట్ ఫోన్లలో చూసేవాళ్ళని మోసపు సైట్లకి తోలడం మొదలెట్టింది. అక్కడ సైటువాళ్ళ తప్పు లేదు, చూసేవాళ్ళ తప్పూ లేదు. థర్డ్ పార్టీ స్క్రిప్ట్‌లు, అంటే ఇలా బయటి డొమైన్ నుంచి వచ్చేవి, ఆపుకున్నవాడికి మాత్రం ఏమీ కాలేదు.

చక్రపొంగలి:
> సైటువాళ్ళ తప్పు లేదు
ఉంది. బయటి స్క్రిప్ట్‌ని గుడ్డిగా నమ్మడమే తప్పు. స్క్రిప్ట్‌కి హాష్ (ఫైలు మారితే తానూ మారే గుర్తు) కట్టి, మారితే నడవకుండా చూసే ఏర్పాటు ఉంది గానీ అది పాలీఫిల్‌కి కుదరదు. ఒక్కో బ్రౌజర్‌కి ఒక్కో ఫైలు పంపుతుంది కాబట్టి హాష్ ఎప్పుడూ కలవదు. చేయాల్సింది ఆ ఫైలు తెచ్చి సొంత సర్వర్లో పెట్టుకోవడం.

మీ ఉదాహరణలన్నీ నిజమే, ఒక్కటీ ఆ షాపుకి అతకదు. షాపు సిస్టమ్‌కి వచ్చే తిప్పలేమిటి? గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కి నకిలీ దరఖాస్తు సైటుకి వెళ్ళడం. అక్కడ ఫారం నింపి సబ్మిట్ కొట్టడానికి జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్ చాలు. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్. బ్రౌజర్లో దాచేసిన పాస్‌వర్డ్‌లు. వీటిలో నోస్క్రిప్ట్ ఆపేది ఏది?

2023 సెప్టెంబరు నాటి లిబ్‌వెబ్‌పీ లోపం తీసుకోండి. అది బొమ్మ ఫైలు విప్పే కోడ్‌లో ఉంది. బొమ్మ కనబడితే చాలు, స్క్రిప్ట్ ఊసే లేదు. దాన్ని ఆపింది క్రోమ్ 116, ఫైర్‌ఫాక్స్ 117.0.1 అప్‌డేట్లే.

ఎల్లిపాయకారం:
ముందు విండోస్ 10 సంగతి చూసుకోండి. మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. గోడ లేని ఇంటికి తలుపు గొళ్ళెం గురించి కొట్టుకుంటున్నారు.

మూడోకన్ను:
లిబ్‌వెబ్‌పీ ఒక్కటి దొరికింది అందరికీ. సీటుబెల్టు పెట్టుకున్నా ఒకడు పోయాడని బెల్టు తీసేస్తామా?

చక్రపొంగలి:
ఒక్కటి చాలదంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ తీసుకోండి. 2018 ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 5 దాకా జరిగింది. డబ్బు కట్టే పేజీ వాడే మోడర్నైజర్ అనే స్క్రిప్ట్ ఫైల్లో దొంగలు 22 వరుసలు చేర్చారు. ఆ ఫైలు ఉన్నది బయటి డొమైన్లో కాదు, వాళ్ళ సొంత సైట్లోనే. కార్డు వివరాలు టైపు చేసి బటన్ నొక్కగానే అవి బీఏవేస్ అనే నకిలీ డొమైన్‌కి వెళ్ళిపోయేవి. నోస్క్రిప్ట్ ఉన్నవాడైనా టికెట్ కొనాలంటే ఆ సైటుని నమ్మాల్సిందే, నమ్మగానే ఆ 22 వరుసలూ నడుస్తాయి. మీ యాడ్‌ఆన్ ఏం చేస్తుంది?

మూడోకన్ను:
ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ యాడ్‌ఆన్, దాని కఠినమైన అమరిక హార్డ్ మోడ్‌లో ఉంటే ఆ డేటా బయటికి పోయేది కాదు. హార్డ్ మోడ్ థర్డ్ పార్టీకి వెళ్ళే ప్రతి అభ్యర్థననీ ఆపుతుంది.

చక్రపొంగలి:
మీరు ఇందాక చెప్పింది థర్డ్ పార్టీ స్క్రిప్ట్‌లు ఆపమని. అది మీడియం మోడ్. మీడియం మోడ్ ఆపేది థర్డ్ పార్టీ స్క్రిప్ట్‌ల్నీ ఫ్రేమ్‌ల్నీ (పేజీలో పొదిగిన వేరే పేజీల్నీ) మాత్రమే. పేజీలో నడుస్తున్న స్క్రిప్ట్ బయటి డొమైన్‌కి డేటా పంపితే అది ఎక్స్‌హెచ్ఆర్ (పేజీ వెనక నుంచి పంపే అభ్యర్థన) కిందికి వస్తుంది, మీడియం దాన్ని ముట్టుకోదు. మాట మార్చకండి.

మూడోకన్ను:
మార్చలేదు. హార్డ్ మోడ్ కూడా అదే యాడ్‌ఆన్లో ఉంది కదా.

చక్రపొంగలి:
హార్డ్ మోడ్‌లో విమానం టికెట్ కొన్నవాడిని ఒక్కడిని చూపించండి.

రాత్రిడ్యూటీ:
బ్రిటిష్ ఎయిర్‌వేస్ మీద ఐదు పోస్టులయ్యాయి, అడిగినాయన షాపు విజయవాడ సందులోనో హన్మకొండ చౌరస్తాలోనో ఉంటుంది.

మధ్యస్థంగా ఒకటి ఉంది. ఎక్కువ ప్రమాదం స్క్రిప్ట్ నడవడంలో కంటే, అది జోరుగా నడవడానికి బ్రౌజర్ వాడే జిట్ కంపైలర్లో ఉంది. జావాస్క్రిప్ట్ నడపడానికి క్రోమ్, ఎడ్జ్ వాడే వీ8 ఇంజిన్లో నమోదైన లోపాల్లో సుమారు 45 శాతం జిట్‌కి సంబంధించినవేనని 2021లో ఎడ్జ్ బృందం లెక్క చెప్పింది. ఎడ్జ్‌లో భద్రత పెంచే సెట్టింగు ఆన్ చేసి 'బ్యాలెన్స్‌డ్' ఎంచుకుంటే, తరచూ వెళ్ళని సైట్లకి జిట్ ఆపేస్తుంది. పేజీలు మామూలుగానే తెరుచుకుంటాయి, బరువైనవి కొంచెం నెమ్మదిస్తాయి. టార్ బ్రౌజర్లో 'సేఫర్' స్థాయి చేసే పనుల్లో ఇదీ ఒకటి.

మూడోకన్ను:
మంచిదే, కానీ దేన్ని నమ్మాలో మళ్ళీ మైక్రోసాఫ్టే తేలుస్తుంది.

చక్రపొంగలి:
యాడ్‌ఆన్ వాడితే ఎవరు తేలుస్తారు? నోస్క్రిప్ట్‌తో పాటు వచ్చే నమ్మకస్తుల జాబితాలో గడువు తీరిపోయిన డొమైన్ ఒకటుందని, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చని 2015లో ఒక పరిశోధకుడు కొనే చూపించాడు. 2018లో పాత నోస్క్రిప్ట్‌ని ఒక చిన్న కిటుకుతో దాటేశారు. పేజీ ఏ రకమో బ్రౌజర్‌కి చెప్పే కంటెంట్ టైప్ చివర జేసన్ అని తగిలిస్తే, అన్నీ ఆపేశామనుకున్న టార్ బ్రౌజర్లో కూడా స్క్రిప్ట్ నడిచిపోయేది. 2019 మే మొదటి వారంలో యాడ్‌ఆన్లు అసలైనవేనని ధ్రువీకరించే మొజిల్లా సంతకం సర్టిఫికెట్ గడువు తీరి, ఒక్క రాత్రిలో యాడ్‌ఆన్లన్నీ ఆగిపోయాయి. దాని మీదే ఆధారపడ్డవాడి గతి?

యాడ్‌ఆన్ చేతులు మారడం ఇంకో గొడవ. నానో యాడ్‌బ్లాకర్ అనే యాడ్‌ఆన్‌ని 2020లో అమ్మేశాక, కొన్నవాళ్ళు దానిలో వాడేవాళ్ళ డేటా లాగే కోడ్ దూర్చడం చూశాం. 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా చదవడం, మార్చడం' అనే అనుమతి ఇచ్చాక దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే.

మూడోకన్ను:
నోస్క్రిప్ట్ 2005 నుంచి ఒకాయన చేతిలోనే ఉంది. యూబ్లాక్ ఆరిజిన్ కూడా పుట్టినప్పటి నుంచి దాన్ని రాసినాయన చేతిలోనే ఉంది. రెండూ మొజిల్లా సిఫారసు జాబితాలో ఉన్నాయి. నానో పేరు చెప్పి వీటి మీద బురద చల్లడం న్యాయమా?

ఇక షాపాయనకి. నోస్క్రిప్ట్ వద్దనుకుంటే యూబ్లాక్ ఆరిజిన్ చాలు. సెట్టింగుల్లో 'నేను అడ్వాన్స్‌డ్ యూజర్‌ని' టిక్ పెట్టండి. ఇప్పుడు పైనున్న బొమ్మ నొక్కితే గళ్ళ పట్టిక వస్తుంది. రెండు నిలువు వరుసల్లో ఎడమది అన్ని సైట్లకీ, కుడిది మీరు చూస్తున్న సైటుకి మాత్రమే. ఎడమ వరుసలో థర్డ్ పార్టీ స్క్రిప్ట్‌లు, థర్డ్ పార్టీ ఫ్రేమ్‌లు అన్న రెండు గళ్ళని ఎరుపు చేసి, తాళం బొమ్మ నొక్కండి. నొక్కకపోతే బ్రౌజర్ మూయగానే పోతుంది. ఏదైనా సైటు తెరుచుకోకపోతే కుడి వరుసలో ఆ గడిని బూడిద రంగు చేయండి. ఆకుపచ్చ చేయకండి, అందరూ చేసే తప్పు ఇదే. ఆకుపచ్చ అంటే ప్రకటనల జాబితాలూ మాల్వేర్ జాబితాలూ ఏవీ అడ్డురావు, అన్నీ లోపలికి వచ్చేస్తాయి. బూడిద అంటే మీరు పెట్టిన ఎరుపు మాత్రమే తొలగుతుంది, జాబితాలు కాపలా కాస్తూనే ఉంటాయి.

ఇది ఫైర్‌ఫాక్స్‌లోనే. క్రోమ్‌కి మిగిలిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్‌లో ఈ పట్టిక లేదు.

చక్రపొంగలి:
ఇప్పుడు ఆ రెండు ఎరుపు గళ్ళతో ఫీజు కట్టించండి, ఏం జరుగుతుందో నేను చెబుతా. కాలేజీ పేజీ ఒక డొమైన్, పేమెంట్ గేట్‌వే స్క్రిప్ట్ ఇంకో డొమైన్, అది తెరిచే పెట్టె ఒక ఫ్రేమ్, అందులో బ్యాంకు ఓటీపీ పేజీ మరో డొమైన్. గేట్‌వే స్క్రిప్ట్ ఆగితే బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఇది మేలు, డబ్బు పోదు. స్క్రిప్ట్‌ని వదిలి ఫ్రేమ్‌ని మర్చిపోతే తెల్ల పెట్టె. అప్పుడు అనుమతి ఇచ్చి రీలోడ్ కొడతారు, ఫారం మళ్ళీ పంపమంటారా అని బ్రౌజర్ అడుగుతుంది, అవునంటారు. అక్కడ రెండో ఆర్డర్ పుడుతుంది. అన్నిటికంటే ఘోరం: ఓటీపీ కొట్టి, డబ్బు కట్ అయ్యాక, తిరిగొచ్చిన పేజీలో స్క్రిప్ట్ ఆగిపోవడం. సర్వర్ నుంచి సర్వర్‌కి కబురు పంపే వెబ్‌హుక్ ఉన్న సైటైతే బతికిపోతారు. లేని సైట్లు రసీదు కోసం బ్రౌజర్ మీదే ఆధారపడతాయి, అక్కడ 'పెండింగ్' అని కూర్చుంటుంది.

ప్రతి అడ్మిషన్ల సీజన్లో 'డబ్బు పోయింది, రసీదు రాలేదు' అని వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి తవ్వడమే మా ఉద్యోగం. చివరికి తిట్లు మాకు.

మూడోకన్ను:
ఆహా! అందుకా ఈ కోపం! భద్రత గొడవ కాదన్నమాట, మీకొచ్చే ఫిర్యాదుల గొడవ. వెబ్‌హుక్ పెట్టుకోకపోవడం ఎవరి తప్పు? ఫీజు కట్టే పేజీలో మౌస్ ఎటు కదిలిందో రికార్డు చేసే స్క్రిప్ట్ ఎందుకు? మూలన ఎగిరే చాట్ బొమ్మ ఎందుకు? కార్డు నంబరు టైపు చేసే చోట పది కంపెనీల కోడ్ పెట్టి, దాన్ని ఆపుకున్నవాడిది తప్పంటారా? నా మెషీన్లో ఏ కోడ్ నడవాలో నేను చెబుతా, మీరు కాదు.

చక్రపొంగలి:
ఇప్పుడొచ్చింది అసలు మాట. మీరు మొదట్నుంచీ అడుగుతున్నది భద్రత కాదు, పెత్తనం. చాట్ బొమ్మ సంగతి మీరన్నదే రైటు, నా చేతిలో ఉంటే రేపే పీకేస్తా. కానీ 'నా మెషీన్' అంటున్నారే, ఆ షాపులో మెషీన్ ఎవరిది? కీబోర్డు ముందు కూర్చునేది ఇంటర్ పిల్లాడు, వాడి వెనక నాన్న, ఆ వెనక ఐదుగురు లైన్లో. వాడికి బూడిద గడి తెలుసా? నోస్క్రిప్ట్ పెడితే మూడో రోజుకి అందరూ నొక్కేది ఒకే బటన్: 'ఈ పేజీలో అన్నిటినీ తాత్కాలికంగా నమ్ము'. నకిలీ సైట్లోనూ అదే నొక్కుతారు.

మూడోకన్ను:
నేర్పించాలి.

చక్రపొంగలి:
రోజుకి వందమందికి?

ఎల్లిపాయకారం:
నిర్వాహకులు నిద్రపోతున్నట్టున్నారు.

నిర్వాహకులు:
మేలుకునే ఉన్నాం. వ్యక్తుల మీదికి వెళ్ళకండి.

సీతాఫలం:
జిరాక్స్‌షాపు అన్నా, ఒకటి అడగనా? కస్టమర్లకి మామూలు విండో ఇస్తారా, ప్రైవేట్ విండోనా?

జిరాక్స్‌షాపు:
ప్రైవేటే అమ్మా. ఒకరి లాగిన్ ఇంకొకరికి కనబడకూడదని. మామూలు విండో మా కుర్రాడు వాడతాడు. మూలన ప్రకటనలొచ్చే నోటిఫికేషన్ల బెడద అందులోనే.

సీతాఫలం:
అయితే పైన ఇద్దరూ ఇంతసేపు వాదించుకున్న యాడ్‌ఆన్ మీ కస్టమర్ల దగ్గర నడవనే నడవదు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌ఆన్లు ప్రైవేట్ విండోలో వాటంతటవి పనిచేయవు. యాడ్‌ఆన్ల పేజీకెళ్ళి, దాని పేరు నొక్కి, 'ప్రైవేట్ విండోల్లో నడపాలి' దగ్గర 'అనుమతించు' పెట్టాలి. నాలుగు సిస్టమ్‌ల్లోనూ విడివిడిగా.

నోటిఫికేషన్లకి యాడ్‌ఆన్ అక్కర్లేదు. సెట్టింగుల్లో గోప్యత, భద్రత, అందులో అనుమతులు, నోటిఫికేషన్ల పక్కన సెట్టింగ్స్ నొక్కి, కొత్తగా అడగడాన్నే ఆపేయండి. ఇదివరకే అనుమతి పొందిన సైట్లు అక్కడే జాబితాలో ఉంటాయి, అన్నీ తీసేయండి. కుర్రాడు మళ్ళీ మార్చకుండా ఉండాలంటే ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్లో 'డిస్ట్రిబ్యూషన్' అని ఇంకో ఫోల్డర్ పెట్టి, పాలసీస్ డాట్ జేసన్ ఫైల్లో ఇదే రాసి లాక్ చేయొచ్చు. పాస్‌వర్డ్ దాచమంటారా అని అడగడాన్ని కూడా అందులోనే ఆపేయండి. కస్టమర్లకి అడ్మిన్ కాని విండోస్ ఖాతా ఇవ్వండి.

చక్రపొంగలి:
+1. యూబ్లాక్ పెట్టండి, ఏ గడీ ముట్టుకోకుండా మామూలు సెట్టింగ్‌తో. దానికి నాకే అభ్యంతరమూ లేదు.

మూడోకన్ను:
మామూలు సెట్టింగ్ అంటే జాబితాలో ఎక్కిన చెడ్డ డొమైన్లే ఆగుతాయి. ఇంకా ఎక్కనివి? ఈమధ్య 'మీరు రోబో కాదని నిరూపించండి' అంటూ విండోస్ ఆర్, కంట్రోల్ వీ, ఎంటర్ నొక్కించే పేజీలు చూస్తున్నాం. ఆ పేజీ స్క్రిప్టే పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రాం) ఆదేశాన్ని క్లిప్‌బోర్డులో పెడుతుంది. నోస్క్రిప్ట్ దాన్ని ఆపితే ఆ ఆదేశం క్లిప్‌బోర్డులోకి చేరదు, పేస్ట్ చేసినా అది రాదు. ఇంటర్ పిల్లాడికి సరిగ్గా పనికొచ్చేది ఇదే.

చక్రపొంగలి:
ఆ ఆదేశం పేజీలోనే రాసి 'కాపీ చేయండి' అంటే చేయడా? అడ్మిన్ కాని ఖాతా అయితే కనీసం సిస్టమ్ మొత్తం పోదు.

మూడోకన్ను:
ఆ ఖాతాలో ఉన్నవన్నీ పోతాయి. ఆ పూట స్కాన్ చేసిన ఆధార్ కాపీలతో సహా.

రాత్రిడ్యూటీ:
ఇది మాత్రం నిజం. స్కాన్ ఫోల్డర్ రాత్రికి రాత్రి ఖాళీ చేసే షాపు నాకు తెలిసి లేదు.

జిరాక్స్‌షాపు:
నాలుగింట్లో రెండు సిస్టమ్‌లకి విండోస్ 11 ఎక్కదట. మిగతా పనులు సీతాఫలం చెప్పినట్టు చేస్తున్నా. మా కౌంటర్ సిస్టమ్‌లో మాత్రం మూడోకన్ను గారి కోసం నోస్క్రిప్ట్ పెట్టి చూశా. తెలుగు పేపర్ సైట్లో అక్షరాల రూపు మారింది, మెనూ బొమ్మలన్నీ డబ్బాలైపోయాయి. వైరసా?

సీతాఫలం:
కాదు అన్నా. నమ్మని సైటు పంపే ఫాంట్లని కూడా నోస్క్రిప్ట్ ఆపుతుంది. తెలుగు అక్షరాలు విండోస్‌లోని గౌతమికో నిర్మలకో మారతాయి. మెనూ బొమ్మలు ఫాంట్‌లోంచే వస్తాయి కాబట్టి డబ్బాలు కనబడతాయి. ఆ సైటుకి 'కస్టమ్' పెట్టి ఫాంట్ ఒక్కటే టిక్ చేయండి. ఫాంట్ వేరే డొమైన్ నుంచి వస్తుంటే ఆ డొమైన్‌కి పెట్టాలి.

ఎల్లిపాయకారం:
పత్రికలు సొంత ఫాంట్లు వాడే రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చే పద్మ యాడ్‌ఆన్ ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుని చదివేవాళ్ళం. అప్పుడు యాడ్‌ఆన్ లేకపోతే పిచ్చి అక్షరాలు, ఇప్పుడు ఉంటే డబ్బాలు.

మూడోకన్ను:
ఫాంట్ ఫైళ్ళు విప్పే కోడ్‌లోనూ లోపాలుంటాయి. టిక్ చేయకండి.

చక్రపొంగలి:
దేవుడా.