ఈ వారం దొరికినవి: కాన్సాస్‌కి కొత్తగా వచ్చిన చెల్లికి

ఓవర్లాండ్ పార్క్ నుంచి కొత్త సభ్యురాలు:

అందరికీ వందనాలు. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక ఈమధ్యే ఇక్కడికి వచ్చాను. వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు, డ్రైవింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. మావారు ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా ఏం తోచదు. మీరంతా ఈ గ్రూపులో ప్రతి శుక్రవారం "ఈ వారం దొరికినవి" అని రాస్తుంటే చదివి సంతోషపడుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఏం వెతుక్కోవాలో చెప్పండి. ఇంకో సంగతి. మా అమ్మమ్మ వాళ్ల స్త్రీల సమాజంలో ఒక నవల కథ చెప్పుకునేవారు. ఒక చర్చి సంఘంలోని వాళ్లు ఏ పని చేసేముందైనా "యేసు ప్రభువైతే ఏం చేసేవారు" అని ఆలోచించి చేస్తామని మాట ఇస్తారు. ఆ నవల పేరేంటి? ఇక్కడ దొరుకుతుందా?

ఒలేత నుంచి అన్నయ్య:

వెల్కమ్ అమ్మా. ముందు లైబ్రరీ కార్డు. మీకు జాన్సన్ కౌంటీ లైబ్రరీ వస్తుంది, కార్డు ఉచితం. మేం పాస్‌పోర్టు, ఇంటి లీజు కాగితం చూపిస్తే ఇచ్చారు. కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో ఈబుక్స్, ఆడియో పుస్తకాలు కూర్చున్నచోటికే వస్తాయి. (ఒలేతకి వేరే లైబ్రరీ ఉంది, కాబట్టి మా బ్రాంచికి వచ్చి వెతక్కండి.)

మాకు ఈ వారం దొరికింది థ్రిఫ్ట్ స్టోర్‌లో (వాడిన సామాన్లు అమ్మే కొట్టు) ఇనప పెనం. తుప్పు పట్టి ఉందని ఎవరూ ముట్టుకోలేదు. రాళ్ల ఉప్పుతో రుద్ది కడిగి, నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చి, సగం కోసిన ఉల్లిపాయతో పెనమంతా రుద్దాం. మొదటి రెండు దోసెలు అంటుకున్నాయి, మూడోది కాగితంలా లేచింది. కొనేటప్పుడు అంచు తక్కువున్న పెనం చూసుకోండి. ఇక్కడివాళ్లు వాడే వాటికి చుట్టూ గోడలుంటాయి, అట్లకాడ దూరదు. నాన్‌స్టిక్ మీద డబ్బు తగలెయ్యకండి.

లెనెక్సా నుంచి అక్కయ్య:

చెల్లీ, నేను గోంగూర దగ్గర మొదలుపెడతాను. అది దొరికిందంటే సగం బెంగ తీరిపోతుంది. కాన్సాస్ సిటీ, కాన్సాస్‌లో న్యూ రూట్స్ అని ఒక కార్యక్రమం ఉంది. శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు అక్కడ కూరగాయలు పండించి ఇక్కడి మార్కెట్లలో అమ్ముతారు. వాళ్లలో బర్మా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, గోంగూర వాళ్లకీ ప్రాణమే. ఈ వారం నాకు ఎర్ర కాడల గోంగూర దొరికింది, రబ్బరు బ్యాండు వేసిన కట్టలు, ఆకుల మీద ఇంకా నీళ్లున్నాయి. ఎలా వండుతారని అమ్మే ఆమెని అడిగితే రొయ్యలతో అంది. మేమూ అంతే అన్నాను. ఇంకో కట్ట ఊరికే సంచిలో పడేసింది. అక్టోబరులో మొదటి ఫ్రాస్ట్ పడితే ఆ మొక్క చచ్చిపోతుంది. అందుకే ఇప్పుడే నాలుగు కట్టలు ఎక్కువ తెచ్చి, నూనెలో మగ్గబెట్టి ఫ్రీజర్లో పెట్టుకోండి.

ఇక నవల. మీ అమ్మమ్మగారు చెప్పింది "ఇన్ హిస్ స్టెప్స్". రాసింది చార్లెస్ షెల్డన్. ఆ కథ పుట్టింది మీరిప్పుడున్న రాష్ట్రంలోనే, మీ ఇంటి నుంచి కారులో గంట పైచిలుకు దూరంలో ఉన్న టొపీకాలో. ఆయన అక్కడ సెంట్రల్ కాంగ్రిగేషనల్ చర్చికి పాస్టరు. 1896లో ఆదివారం సాయంత్రం ఆరాధనలో ప్రసంగానికి బదులు వారానికో అధ్యాయం రాసి చదివేవారు. మన వారపత్రికల సీరియల్‌లాగా సరైన చోట ఆపేసి, మిగతాది వచ్చే వారం అనేవారు. గుడి నిండిపోయేది.

కథ శుక్రవారం పొద్దున మొదలవుతుంది. రేమండ్ అనే ఊళ్లో పాస్టరు మాక్స్‌వెల్ ఆదివారం ప్రసంగం రాసుకుంటూ ఉంటాడు. వాక్యం మొదటి పేతురు రెండో అధ్యాయంలోది, "తన అడుగుజాడలయందు నడుచుకొనునట్లు" అని మనమంతా కంఠతా పట్టిన మాట. ఈలోగా గంట మోగుతుంది. గుమ్మంలో మాసిన బట్టలతో ఒక మనిషి, పని ఇప్పించగలరా అని అడుగుతాడు. పాస్టరు నా వల్ల కాదని చెప్పి పంపించి, మళ్లీ ప్రసంగంలో పడతాడు. ఆదివారం ఆరాధన ముగియబోతుండగా అదే మనిషి లేచి నడవాలోంచి ముందుకు వచ్చి మాట్లాడతాడు. కోపంగా కాదు, మామూలుగా. తను అచ్చు పని చేసేవాడు, అక్షరాలు కూర్చే లైనోటైప్ యంత్రాలొచ్చి పని పోయింది, భార్య న్యూయార్క్‌లో ఒక ఇరుకు గదిలో చనిపోయింది, చిన్న కూతురు తెలిసినవాళ్ల ఇంట్లో ఉంది. అడుగుజాడల్లో నడవడమంటే మీ ఉద్దేశంలో ఏంటి అని అడిగి, అక్కడే కూలిపోతాడు. అతను చనిపోయాకే ఆ మాట ఇవ్వడం మొదలవుతుంది, ఒక ఏడాదికి.

కొత్త యంత్రం వచ్చి ఉద్యోగం పోయిందన్న మాట మన గ్రూపులో చదివితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఇప్పుడు మనవాళ్ల లేఆఫ్ టెన్షన్ అదే కదా. అందుకే నేను ఈ పుస్తకాన్ని మాక్స్‌వెల్ వైపు నుంచి కాక, గుమ్మంలో నిలబడ్డవాడి వైపు నుంచి చదువుతాను. షెల్డన్ కూడా ఆ వైపు చూసి వచ్చినవారే. నవల రాయకముందు పాత బట్టలు వేసుకుని టొపీకాలో పని కోసం గడప గడపా తిరిగారు.

పుస్తకానికి ఖర్చు లేదు. పత్రికలో సీరియల్‌గా వేసినప్పుడు కాపీరైట్ కాగితాలు సరిగ్గా దాఖలు కాలేదు. దాంతో ఎవరు పడితే వారు అచ్చువేసుకున్నారు. ఆయనకి పెద్దగా ముట్టింది లేదు గానీ పుస్తకం దేశదేశాలూ తిరిగింది. మీ అమ్మమ్మగారి దాకా రావడానికి అదీ ఒక కారణమే అయి ఉంటుంది. ఇప్పుడు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. లైబ్రరీలో పాత పుస్తకాలు అమ్మే అరలో, థ్రిఫ్ట్ స్టోర్‌లో బైబిళ్ల పక్కన, ఒక డాలరుకో రెండిటికో తరచూ కనిపిస్తుంది.

నాకు నవల కంటే ఎక్కువ నచ్చేది ఆ తర్వాత జరిగింది. నవలలో నార్మన్ అనే పత్రికాధిపతి ప్రభువుకి నచ్చేలా పత్రిక నడుపుతానంటాడు. సరే, నువ్వే నడిపి చూడు అని 1900 మార్చిలో టొపీకా డైలీ కాపిటల్ వాళ్లు షెల్డన్‌కి ఒక వారం తమ పత్రిక అప్పగించారు. సారా ప్రకటనలు తీసేశారు, నేర వార్తలు తగ్గించారు. వేలల్లో అమ్ముడయ్యే పత్రిక ఆ వారం 3 లక్షల 60 వేలు దాటింది. మొదటి రోజు మొదటి పేజీలో ఏ వార్త పెట్టారనుకున్నారు? మన దేశంలో కరువు. పాఠకుల్ని చందాలు పంపమని అడిగారు.

లారెన్స్ నుంచి తమ్ముడు:

అక్కా, అంతా బాగానే చెప్పారు గానీ చెల్లిగారికి ఇంకోవైపు కూడా తెలియాలి. నవలగా చూస్తే అది మెత్తటి ప్రసంగమే. సారా కొట్టు తప్ప వేరే విలన్ కనబడడు. కాన్సాస్ 1880లోనే ఓటేసి రాజ్యాంగంలో మద్యనిషేధం పెట్టుకున్న రాష్ట్రం, ఆ గాలి ప్రతి పేజీలో కొడుతుంది. మాట ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది వదులుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లు. ఒకామెకి పాడే గొంతుంది, ఒకామెకి ఆస్తి ఉంది. ఏమీ లేనివాళ్లు రెక్టాంగిల్ అనే పేటలో పాటలు వింటూ ఉంటారు, అంతే. కథ షికాగోకి మారాక వచ్చే అధ్యాయాలు సాగుతాయి. నాకు నచ్చినవాడు పవర్స్ ఒక్కడే. రైల్వే కంపెనీ చట్టం తప్పుతోందని కాగితాల్లో చూసి, బయటపెట్టి, పెద్ద ఉద్యోగం వదిలి టెలిగ్రాఫ్ ఆపరేటరుగా చేరతాడు. హెచ్-1 మీదున్నవాడికి ఆ అధ్యాయం చదివితే నిద్ర పట్టదు.

లెనెక్సా అక్కయ్య:

షికాగో సంగతి ఒప్పుకుంటాను. మిగతాదానికి టొపీకాలో జవాబుంది తమ్ముడూ. షెల్డన్ చర్చి దగ్గర్లో టెనెసీటౌన్ అనే నల్లవారి పేట ఉండేది. 1893లో అక్కడి పిల్లల కోసం కిండర్‌గార్టెన్ పెట్టించారు. అందులో చదివిన ఎలైషా స్కాట్ పెద్దయ్యాక లాయరై, కొడుక్కి చార్లెస్ షెల్డన్ స్కాట్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ కొడుకే బడుల్లో రంగు వివక్షని 1954లో కొట్టేయించిన బ్రౌన్ కేసులో వాదించిన లాయర్లలో ఒకడు. నువ్వు నవలలో వెతికినవాళ్లు అక్కడున్నారు.

ఓవర్లాండ్ పార్క్ నుంచి కొత్త సభ్యురాలు:

అక్కా, రాత్రి మొదటి అధ్యాయం చదివేశాను. టొపీకా చూడాలనుంది. ఎలా వెళ్లాలి? ఏం చూడాలి?

లెనెక్సా అక్కయ్య:

బ్రౌన్ కేసు స్మారక మ్యూజియం ఒకప్పుడు నల్లపిల్లలు చదివిన పాత మన్రో బడిలోనే ఉంది, నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లది. ఓల్డ్ ప్రెయిరీ టౌన్ అనే తోటలో షెల్డన్ రాసుకున్న గది ఉంది. రెండూ ఒకే రోజులో అయిపోతాయి, వెళ్లేముందు వేళలు చూసుకోండి. ఐ-70 మీద టర్న్‌పైక్ టోల్ ఉంటుంది. 2024 జులై నుంచి బూత్‌లో డబ్బు తీసుకోవడం లేదు, నంబర్ ప్లేటు చూసి బిల్లు ఇంటికి పంపుతారు. దాన్ని ప్రకటనల కాగితాల్లో కలిపి పారేయొద్దు, తర్వాత ఫైన్ పడుతుంది. కారు అద్దానికి అంటించే కే-ట్యాగ్ పెట్టించుకుంటే టోల్ తక్కువ.

ఈలోపు ఈ శనివారం మేం మార్కెట్‌కి మీ వైపు నుంచే వెళ్తున్నాం. ఏడున్నరకి కిందికి వచ్చి ఉండండి. మీ అడ్రసు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. ఐదు, ఒక డాలరు నోట్లు తెచ్చుకోండి, అమ్మేవాళ్ల దగ్గర ఒక్కోసారి చిల్లర ఉండదు.