కార్లు తక్కువొస్తే ప్రైజ్ మనీ కోయడం న్యాయమేనా?

ప్రశ్న: కార్ రేసుకి 20 కార్లు వస్తాయని నిర్వాహకులు ప్రకటించిన ప్రైజ్ మనీని, 12 మాత్రమే వచ్చాయని రేస్ అయ్యాక సగానికి తగ్గించొచ్చా? ఎంట్రీ ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

జవాబు 1: తగ్గించడం తప్పు కాదండీ, ముందు చెప్పకపోవడం తప్పు. కార్లు తగ్గితే ఎంట్రీ ఫీజులూ, పిట్ పాసుల (కార్లు సిద్ధం చేసే చోటికి వెళ్లే టికెట్ల) డబ్బూ తగ్గుతాయి. అందుకే ఎంట్రీ ఫారంలోనే రాయాలి: 16 లేదా అంతకన్నా ఎక్కువైతే పూర్తి మొత్తం, 12–15 అయితే 75 శాతం, అంతకు తక్కువైతే 60 అని. లెక్క మాత్రం క్వాలిఫయింగ్‌కి (స్టార్టింగ్ వరుస తేల్చే రౌండ్‌కి) ముందు టెక్ ఇన్‌స్పెక్షన్ (కారు నిబంధనల ప్రకారం ఉందా అన్న తనిఖీ) దాటిన కార్లతో కట్టాలి. ఫైనల్ గ్రిడ్‌తో, అంటే ఫైనల్ రేసు స్టార్ట్‌లో నిలబడ్డ కార్లతో కడితే, హీట్‌లో (ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసులో) ఎవరి ఇంజినో పోయినందుకు మిగతావాళ్లు నష్టపోతారు.

జవాబు 2: నన్నడిగితే మొదటి స్థానం కన్నా చివరి స్థానానికి ఎంతన్నదే ముఖ్యం. గెలిచినవాడికే 40 శాతం పోతే వెనకవాళ్లకి టైరు ఖర్చు కూడా రాదు, మెల్లగా రావడం మానేస్తారు. స్టార్ట్ మనీ (రేసు మొదలుపెట్టిన ప్రతి కారుకీ ఇచ్చే మొత్తం) కనీసం ఎంట్రీ ఫీజంతైనా ఉండాలి.

ప్రశ్న వేసినవారు: మరి ఎవరైనా డిస్‌క్వాలిఫై అయితే ఆ డబ్బు?

జవాబు 1: కిందివాళ్లంతా ఒక్కో స్థానం పైకి జరుగుతారు, ఆ ప్రకారమే పంచాలి. ట్రాక్ నిర్వాహకులు ఉంచేసుకోకూడదు. రేస్ తర్వాతి తనిఖీ, ప్రొటెస్ట్ (ఫలితంపై అభ్యంతరం చెప్పే) గడువు రెండూ ముగిశాకే చెల్లించాలి. ముందే ఇచ్చేస్తే వెనక్కి రాబట్టడం ఎవరి తరమూ కాదు!