సమస్య: "బాగు చేయు తీగె పాడు చేసె"

నిర్వాహకుడు, విజయనగరం:
నిన్న రాత్రి మనవడు వంటింట్లోంచి కేకేశాడు, "తాతా, మిక్సీ హేవైర్ అయిపోయింది!" అని. ఆ మాట బుర్రలో దూరి నిద్ర పట్టనివ్వలేదు. హే అంటే ఎండుగడ్డి, వైర్ అంటే తీగె. అమెరికాలో గడ్డిమోపులు బిగించే తీగె అది. అడవుల్లో కలప కొట్టేవాళ్లు ఏది విరిగినా, ఏది ఊడినా దాంతోనే చుట్టి పని నడిపించేవారు. అలాంటి అతుకుల సరంజామాని హేవైర్ అని ఈసడించారు. పోనుపోను అదుపు తప్పిన ప్రతిదానికీ అదే పేరైంది. అతుకేసిన తీగెకే చెడ్డపేరు! తెల్లారేసరికి పాదం కుదిరింది. దాన్నే ఆఖరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, ఆదివారం సాయంత్రం దాకా గడువు.

ఆమదాలవలస తమ్ముడు:
అయ్యగారూ, కథంతా మీరే చెప్పీసినారు. నాను పద్యంలో పెట్టీసినాను.

గడ్డిమోపు కట్టు కమ్మితో మరలెల్ల
కట్టినారు దొరలు, గాడి తప్పె;
హేవయిరను పేరు ఏర్పడె నటనుండి,
బాగు చేయు తీగె పాడు చేసె.

చీపురుపల్లి మాస్టారు:
"గాడి తప్పె" బాగుంది, అచ్చంగా మన మాట. మూడో పాదం దగ్గర మాత్రం పంటికింద రాయి పడింది. "పేరు ఏర్పడె" విసంధి. మాట చివరి ఉత్వానికి అచ్చు పరమైతే సంధి నిత్యం, చేసి తీరాలి; నువ్వు విడిగా వదిలేశావు. "పేరేర్పడె" అంటే గణం పోతుంది. "హేవయిరను మాట యేర్పడె" అను, సంధి బాధా ఉండదు, యతీ నిలుస్తుంది. నీకీ విసంధి సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు నాయనా.

ఆమదాలవలస తమ్ముడు:
దిద్దుకున్నాను మాస్టారూ, దండాలు. మరి పోయిన నెల మీ పూరణ మాటేటి? గివ్ అప్ ద ఘోస్ట్ అన్న పలుకుబడిని తెచ్చి, పాత రేడియో "దెయ్యమును విడిచె" అన్నారు. మన ఊళ్లల్లో దెయ్యం వదిలిందంటే మనిషికి నయమైనట్టు కదండీ! అక్కడ ఘోస్ట్ అంటే ప్రాణం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, లూకా సువార్త 23వ అధ్యాయంలో, సిలువ మీది ఏసు గురించి ఆ మాటే ఉంది. మన తెలుగు బైబిలు అదే చోట "ప్రాణము విడిచెను" అంది. మీరు అది చూసుంటే పద్యం నిలబడేది.

చీపురుపల్లి మాస్టారు:
ఆ రోజే ఒప్పుకోవలసింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. యతి మాత్రం తప్పలేదు.

నరసన్నపేట బాబాయి:
మీ ఇద్దరి లెక్కలూ తేలాయి గనక నాదీ వినండి. ఇది మా బోరు దగ్గర జరిగినదే.

ఫ్యూజు పోయె నంచు పొలమున లావైన
తీగె చుట్టినాను తెలివి లేక;
మోటరంత కాలి మూలకు చేరెను,
బాగు చేయు తీగె పాడు చేసె.

సన్నతీగె పని కరిగిపోవడమే. తాను కరిగి మోటారును కాపాడుతుంది. లావుతీగె కరగదు, లోపల వైండింగు మాడిపోతుంది. పొగ కంటే ముందు ఆ వాసన వచ్చింది, ఇప్పటికీ ముక్కులో ఉంది. ఇంజను ఆగిపోతే ఇంగ్లీషువాళ్లు కాంక్ అవుట్ అంటారు, మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపినవాళ్ల నోట నలిగిన మాట. నాకైతే "మూలకు చేరె"లోనే ఆ మోటారు కనిపిస్తుంది.

బొబ్బిలి అక్క:
అందరూ తీగెని తిట్టినవారే. నాకు మనసొప్పలేదు.

బొబ్బిలి పనివాడు పూని పనసమాను
తొలిచి, వీణ మెట్లు తోడు కూర్చి,
మూగచెక్క నొకటి మోహనగాత్రిగ –
బాగు చేయు తీగె పాడు – చేసె!

నిర్వాహకుడు, విజయనగరం:
అమ్మా! "పాడు" దగ్గర విరిచి, తీగె చేత పాడించావు. "చేసె" వెళ్లి పనివాడికి అతుక్కుంది. పాదం ఇచ్చిన నాకే ఈ దారి తోచలేదు. పొద్దుట్నుంచి నలుగురికి ఫోన్లో చదివి వినిపించాను.

చీపురుపల్లి మాస్టారు:
విరుపుకి నమస్కారం. కానీ గాత్రి అంటే దేహం గలది, గాయని కాదు. సంస్కృతంలో గాత్రం ఒళ్లే.

బొబ్బిలి అక్క:
తెలుగులో గాత్రం గొంతు కూడా అన్నయ్యా. గాత్రకచేరీ అంటే ఒంటి కచేరీ అని ఎవరూ అనుకోరు కదా. అయినా వీణకి ఒళ్లూ గొంతూ ఒకటే. మా వీణ మెట్టు ఒకటి జారితే, వీణలు చేసే గొల్లపల్లి పట్టుకెళ్లాను. అక్కడి పనివాడు మైనం కాస్త వెచ్చచేసి, మెట్టుని గోరంత జరిపి, తీగె మీటి చెవి ఒగ్గాడు. మళ్లీ గోరంత, మళ్లీ మీటాడు. 24 మెట్లలో ఆ ఒక్కదానికే అరగంట. ఆ అరగంటలోనే మూడో పాదం వచ్చింది, "గాత్రి" మార్చను.

చీపురుపల్లి మాస్టారు:
అయితే ఉంచమ్మా. ఆ తొలిచే పని ఎప్పుడు చేస్తారో కనుక్కుని చెప్పు, తమ్ముడినీ వెంటబెట్టుకుని వస్తాను.