ఇసుక, పాద్రీ, 1,147 ఓట్లు: పాంపాంగా గవర్నర్‌గా పన్లీలియో గెలిచారా, ఓడారా?

కృష్ణకాలువ:
ముందుగా ఒక మాట. ఫిలిప్పీన్స్‌లో గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు. అక్కడి ప్రొవిన్స్‌ను మన జిల్లాతో పోల్చుకోవచ్చు. మూడేళ్ళకోసారి జనమే నేరుగా గవర్నర్‌ని ఎన్నుకుంటారు. మన జడ్పీ చైర్మన్ హోదా, కలెక్టర్ చేతిలో ఉండే పనుల్లో చాలా భాగం ఒకే కుర్చీకి చేరాయనుకోండి, దగ్గరగా ఉంటుంది.

మనీలాకు ఉత్తరాన ఉన్న పాంపాంగాలో 2007 మే ఎన్నికల్లో కాథలిక్ పాద్రీ ఎడ్ పన్లీలియో ఇండిపెండెంట్‌గా నిలబడి 1,147 ఓట్ల తేడాతో గెలిచారు. 2010లో దిగిపోయారు. ఆయన పాలన విఫలమైందని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. 1991 జూన్‌లో పినతూబో అగ్నిపర్వతం పేలాక వానలకు కొండ మీది బూడిద, ఇసుక బురదలా కొట్టుకొచ్చి ఊళ్ళను పూడ్చేశాయి. దాన్ని లహార్ అంటారు. బకోలోర్‌లో సాన్ గిలెర్మో చర్చి సగం దాకా కూరుకుపోయింది, ఒకప్పుడు కిటికీలున్న ఎత్తులో ఇప్పుడు జనం లోపలికి నడిచి వెళ్తారు. ఊళ్ళు ముంచిన ఆ ఇసుకే తర్వాత సిమెంటు పనులకు గిరాకీ సరుకైంది. పన్లీలియో రాగానే ఇసుక వసూళ్ళు రోజుకు దాదాపు పది లక్షల పెసోలకు చేరాయి. చట్టం అదే, లారీలు అవే, దారులు అవే. మారింది కుర్చీలో మనిషి. ఇది గెలుపు కాకపోతే ఇంకేది గెలుపు?

పద్దుల పుస్తకం:
కృష్ణకాలువ గారూ, ఆ పది లక్షల్ని ఇంకొంచెం విడదీసి చూడాలి. 1991 స్థానిక ప్రభుత్వాల కోడ్, సెక్షన్ 138 ప్రకారం ఇసుక, కంకర మీద ప్రొవిన్స్ వేయగల పన్ను ఘనపు మీటరుకు మార్కెట్ విలువలో 10 శాతానికి మించకూడదు. వచ్చిన పన్నులో ప్రొవిన్స్ వాటా 30 శాతం, ఇసుక తవ్విన మునిసిపాలిటీది 40 శాతం, అక్కడి బరంగే (మన గ్రామ పంచాయతీ లాంటిది) వాటా 30 శాతం. అంటే ఒక రోజు పన్నే పది లక్షలు వచ్చిందనుకుంటే, గవర్నర్ ఖజానాలో నిలిచేది మూడు లక్షలు.

ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. వసూలు పెరిగితే ఎక్కువ బాగుపడేది కింది ఊళ్ళే. కానీ మేయర్లకు అంత వాటా వెళ్తున్నా ఆయనకు మేయర్లతో ఎందుకు పొసగలేదన్నదే నా ప్రశ్న.

వసూలు పెరగడం వెనక మాయ కూడా ఏమీ లేదు. క్వారీ నుంచి బయటికొచ్చే ప్రతి లారీకీ ఒక రసీదు ఉండాలి, మన వే బిల్లు లాంటిది. చెక్‌పోస్టులో లారీ నంబరు, లోడు, రసీదు నంబరు మూడూ సరిపోల్చి ముద్ర వేయాలి. దొంగతనం ఎప్పుడూ ఈ మూడు చోట్లే. లోడు తక్కువ రాయించుకుంటారు, ఒకే రసీదుతో రెండు ట్రిప్పులు తిప్పుతారు, లేదా చెక్‌పోస్టు లేని దారి పట్టిస్తారు. తడి ఇసుకతో పది చక్రాల లారీ వచ్చి ఆగితే బాడీ అంచు పైకి ఎంత కుప్ప ఉందో చూసి రాసుకునే మనిషి నిజాయితీ మీదే మిగతా లెక్కంతా నిలబడుతుంది. పన్లీలియో అక్కడ కొత్త మనుషుల్ని పెట్టారు. అది ఆయన గొప్పే. ఆయన మార్చినది చెక్‌పోస్టు మనుషుల్ని. ప్రొవిన్స్ బోర్డును మార్చలేకపోయారు.

సెక్షన్ల సంచి:
ఆ చివరి మాట పట్టుకుంటాను. కోడ్ ప్రకారం ఇసుక పర్మిట్ ఇచ్చే హక్కు గవర్నర్‌దే, ఇంకెవరికీ లేదు. అయితే ఆ పర్మిట్ సంగునియాంగ్ పన్‌లలవిగన్, అంటే ప్రొవిన్స్ బోర్డు, చేసిన ఆర్డినెన్స్‌కు (అక్కడ ఆ మాటకు స్థానిక చట్టమని అర్థం) లోబడే ఇవ్వాలి. 1995 మైనింగ్ చట్టం కింద వాణిజ్య ఇసుక పర్మిట్ ఒక్కోటి 5 హెక్టార్లు దాటకూడదు. పర్మిట్ ఆయన చేతిలో, రేటు బోర్డు చేతిలో. ఆ బోర్డుకు అధ్యక్షత వహించేది వైస్ గవర్నర్. ఆయన్ని జనం విడిగా ఎన్నుకుంటారు, గవర్నర్ మనిషే కానక్కరలేదు. 2007లో వైస్ గవర్నర్ యెంగ్ గియావో, పేరున్న బాస్కెట్‌బాల్ కోచ్. గవర్నర్‌కూ ఆయనకూ పడలేదు.

శాఖాధిపతుల్ని నియమించేది గవర్నరే అయినా బోర్డు మెజారిటీ ఒప్పుకోవాలి. 15 రోజుల్లోపు బోర్డు ఏదీ తేల్చకపోతే ఆమోదం పొందినట్టే లెక్క. బడ్జెట్‌ను గవర్నర్ అక్టోబర్ 16 లోపు బోర్డుకు పంపాలి. కొత్త సంవత్సరం మొదలై 90 రోజులు దాటినా బోర్డు పాస్ చేయకపోతే పోయినేటి బడ్జెటే మళ్ళీ అమల్లోకి వస్తుంది. అప్పుడు జీతాలు, తప్పనిసరి బాకీలు, అత్యవసర నిర్వహణ ఖర్చులు తప్ప కొత్త పనికి పైసా కదలదు. గవర్నర్ ఆర్డినెన్స్‌ను 15 రోజుల్లో వీటో చేయొచ్చు, బోర్డు మూడింట రెండొంతులతో దాన్ని తోసిపుచ్చొచ్చు. ఇసుక డబ్బు ఎంత తెచ్చినా, ఖర్చుకు అనుమతి బోర్డు దగ్గరే ఆగుతుంది. ఈ మెలిక తెలిసి కూడా ఆయన బోర్డుతో సర్దుకోలేదు. నా దృష్టిలో అది పరిపాలనా వైఫల్యమే.

బకోలోర్ గంట:
సెక్షన్ల సంచి గారు చెప్పిన మెలిక 1991లో పుట్టింది కాదండీ. అమెరికన్ల హయాంలో 1901 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్ కమిషన్ (అమెరికా నియమించిన పాలక సంఘం) ప్రొవిన్సుల చట్టం, అంటే యాక్ట్ 83, చేసింది. దాని కింద మొదట సివిల్ ప్రభుత్వం ఏర్పడింది పాంపాంగాలోనే, యాక్ట్ 85తో. మొదటి గవర్నర్ సెఫెరినో హోవెన్. ఆ చట్టంలో ప్రొవిన్స్ బోర్డు అంటే ముగ్గురు: గవర్నర్, ట్రెజరర్, సూపర్‌వైజర్. మూడింట గవర్నర్‌ది ఒక ఓటు. డబ్బు, రోడ్లు మిగతా ఇద్దరి చేతిలో ఉండేవి, ఆ ఇద్దరినీ నియమించేది కమిషన్. ఇప్పటికీ ప్రొవిన్స్ ట్రెజరర్‌ని నియమించేది మనీలాలోని ఆర్థిక శాఖ కార్యదర్శే. గవర్నర్ మూడు పేర్లకు తగ్గకుండా జాబితా పంపుతారు, అంతే. గవర్నర్ కుర్చీ మొదటినుంచీ ఒంటరిగా తోయలేని బండే.

ఇంకో సంగతి. ఏంజెలెస్ ప్రత్యేక హోదా ఉన్న నగరం కాబట్టి అక్కడివాళ్ళకు గవర్నర్ ఎన్నికలో ఓటు లేదు. ప్రొవిన్స్ మధ్యలో ఉన్న అంత పెద్ద ఊరి నగర ఓటర్లు ఇందులో పాల్గొనరు. పాలన మార్పు కోరే పాద్రీకి అక్కడ ఓట్లు పడి ఉండేవేమో, అది ఊహే. పడ్డ ఓట్ల లెక్క మాత్రం ఇది: ముగ్గురు గట్టి అభ్యర్థులు, రెండో రౌండు లేదు. అప్పటి గవర్నర్ మార్క్ లాపిడ్ మూడో స్థానంలోకి వెళ్ళారు. సుమారు మూడో వంతు ఓట్లతోనే పన్లీలియో గవర్నర్ అయ్యారు. ఇసుక గొడవ కూడా కొత్తది కాదు. మార్క్ తండ్రి లిటో లాపిడ్ గవర్నర్‌గా ఉన్న 1999లో ఆంబుడ్స్‌మన్ (మన లోకాయుక్త లాంటి అధికారి) ఇసుక వసూళ్ళ కేసులో ఏడాది సస్పెన్షన్ వేశారు. అప్పీలు తేలకముందే దాన్ని అమలు చేయకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

కృష్ణకాలువ:
గంట గారూ, అదే నా వాదనకు బలం. మూడో వంతు ఓట్లు, పార్టీ లేదు, బోర్డులో తనవాళ్ళు లేరు, అయినా పర్మిట్ అనే ఒక్క అధికారంతో అంత డబ్బు తెచ్చారు. 2007 అక్టోబర్‌లో అధ్యక్ష భవనంలో స్థానిక నాయకుల సమావేశం తర్వాత తన చేతిలో 5 లక్షల పెసోల సంచి పెట్టారని బయటపెట్టింది కూడా ఆయనే. సంచి అందుకున్నామని ఒప్పుకున్నది ఆయనా, బులకాన్ ప్రొవిన్స్ గవర్నరూ. ఆ పనికి బోర్డు ఆమోదం అక్కర్లేదు, గుండె కావాలి.

పద్దుల పుస్తకం:
గుండె ఉందని ఒప్పుకుంటాను. కానీ అసలు పాద్రీ ఆ కుర్చీలో కూర్చోవచ్చా?

సెక్షన్ల సంచి:
దేశ చట్టం ప్రకారం కూర్చోవచ్చు, చర్చి చట్టం ప్రకారం కూడదు. రెండూ కలిపేసి మాట్లాడితే గందరగోళం. పాత పరిపాలనా కోడ్ సెక్షన్ 2175 మతాధికారులు మునిసిపల్ పదవులు పట్టకూడదంది. బోహోల్‌లోని అల్బుర్కెర్కె మేయర్‌గా గెలిచిన పాద్రీ కేసులో, 1978లో, ఆ నిషేధం చెల్లదన్న న్యాయమూర్తులు ఏడుగురు.  చట్టం కొట్టేయడానికి ఆ ఓట్లు చాలక నిషేధం నిలిచింది, మేయర్ పదవి పోయింది. అయితే అది మునిసిపల్ పదవుల మాట. 1991 కోడ్‌లోని అనర్హతల జాబితాలో మతాధికారులే లేరు. చర్చి వైపు కానన్ 285 ఉంది: పాలనాధికారం చెలాయించే పదవులు పాద్రీలు చేపట్టకూడదు. అందుకే ఆర్చిబిషప్ ఆయన్ని పాద్రీ విధులనుంచి తప్పించారు.

రీకాల్ (గడువు తీరకముందే ఓటర్లు ఎన్నిక పెట్టించి దించడం) గురించీ చెప్పాలి, 2008లో ఆయన మీద పిటిషన్ పడింది కాబట్టి. పదవి చేపట్టిన ఏడాదిలోపు రీకాల్ కూడదు, తదుపరి ఎన్నికకు ముందు ఏడాదిలోనూ కూడదు. 2007 జూన్ 30న ప్రమాణం, 2010 మే 10న ఎన్నిక. అంటే మిగిలిన గడువు 2008 జూన్ 30 నుంచి 2009 మే 10కి ముందు వరకు, పది నెలల పైచిలుకు. మూడు లక్షలకు మించి ఓటర్లున్న చోట కనీసం 10 శాతం సంతకాలు కావాలి, 45,000కు తగ్గకూడదు. సంతకాలు సరిచూడడానికే అందులో కొంత పోతుంది. రీకాల్ ఎన్నిక జరగలేదు.

బకోలోర్ గంట:
ఓట్ల సంగతి కూడా పూర్తి చేద్దాం. 2007లో ఓటరు పేర్లు చేత్తో రాసేవాడు. రీకౌంటింగ్‌లో ఒకే చేతిరాతతో ఉన్న బ్యాలెట్లను చెల్లవని పక్కన పెడతారు, వందల పెట్టెల్లో తేడాలు పోగవుతాయి. గవర్నర్ ఎన్నిక వివాదం కొమెలెక్‌కే వెళ్తుంది, అది అక్కడి ఎన్నికల సంఘం. రెండో స్థానంలో ఉన్న లిలియా పినేడా వేసిన పిటిషన్‌పై 2010 ఫిబ్రవరిలో కొమెలెక్ డివిజన్ (అందులో ఒక బెంచ్) 2,011 ఓట్ల తేడాతో ఆమే గెలిచారని తేల్చింది. అప్పటికి కాలపరిమితిలో నాలుగు నెలలే మిగిలాయి. పునఃపరిశీలన పిటిషన్ నడుస్తుండగానే పన్లీలియో గడువు పూర్తి చేశారు. 2010 మేలో దేశమంతా యంత్రాలతో లెక్కించిన తొలి ఎన్నికలో ఆమె ఆయనకు దాదాపు రెట్టింపు ఓట్లు తెచ్చుకున్నారు. కృష్ణకాలువ గారూ, ఈ ఒక్కదానికి మీ జవాబు కావాలి. రోజుకు పది లక్షలు తెచ్చిన గవర్నర్‌ని ఆ డబ్బు అందుకున్న బరంగేలు ఎందుకు నిలబెట్టుకోలేదు?

కృష్ణకాలువ:
బరంగే కప్తాన్‌కు (మన సర్పంచ్ లాంటివారు) ఇసుక వాటా చట్టం వల్ల వస్తుంది, గవర్నర్ దయవల్ల కాదు. ఆసుపత్రి బిల్లు, చావు ఖర్చు, పిల్లాడి స్కాలర్‌షిప్ మాత్రం మనిషి చేతిమీదుగా వస్తాయి. ఓటు గుర్తుపెట్టుకునేది రెండోదాన్ని. 1995 నుంచి 2004 వరకు లిటో లాపిడ్, ఆ తర్వాత కొడుకు మార్క్. 2010 నుంచి తొమ్మిదేళ్ళు లిలియా పినేడా, 2019లో కొడుకు డెన్నిస్, 2025లో మళ్ళీ ఆమె గవర్నర్, డెన్నిస్ వైస్ గవర్నర్. వరుసగా మూడుసార్లకు మించి కూడదని రాజ్యాంగం అంటే, ఇంట్లో ఇంకొకరు నిలబడతారు. కుటుంబ పాలనను నిషేధించే చట్టం చేయాలని అదే రాజ్యాంగం 1987లో రాసింది, ఆ చట్టం ఇంకా రాలేదు. ఈ వరుసలో ఇల్లూ పార్టీ లేకుండా వచ్చింది పన్లీలియో ఒక్కరే. ఆయన బోర్డుతో సర్దుకుని ఉండాల్సిందని మీరంతా అంటే ఒప్పుకుంటాను. విఫలమయ్యారంటే ఒప్పుకోను.