గురువును ప్రశ్నిస్తే శరణాగతి చెడుతుందా?

వెతుకులాట:
సాధనలో ఉన్న పెద్దలు మనసులో మాట చెప్పండి. నేను కొంతకాలంగా ఒక గురువుగారి దగ్గర ధ్యానం నేర్చుకుంటూ వేదాంతం వింటున్నాను. ఆయన పాఠం మంచి పాఠం, అందులో నాకు అనుమానం లేదు. మొన్నటి తరగతిలో ఒకాయన లేచి, "కిందటి వారం మనసును గమనించమన్నారు, ఇవాళ గమనించేవాడే లేడంటున్నారు, రెండూ ఎలా కుదురుతాయండీ?" అని అడిగారు. గొంతులో వెటకారం లేదు, అర్థంకాకే అడిగారు. గురువుగారు "నీ సందేహమే నీ అహంకారం, ముందు దాన్ని వదిలి రా" అన్నారు. హాల్లో అందరూ తలలూపారు. విరామంలో ఆయనతో ఒక్కరూ మాట్లాడలేదు.

అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఆత్మజ్ఞానం కావాలనుకునేవాడు గురువుకు తనను పూర్తిగా అప్పగించుకోవాలా? అప్పగించుకున్నాక ఇక నోరు మెదపకూడదా?

శ్రద్ధావంతుడు:
ఆ మాట కటువుగా ఉండొచ్చు కానీ అబద్ధం కాదండి. మనం ఏ మనసుతో గురువును తూకం వేస్తున్నామో, మనల్ని కట్టిపడేసింది ఆ మనసే. దానికి నచ్చిందల్లా సత్యంలా కనిపిస్తుంది, నచ్చనిదల్లా అనుమానించాల్సిందిగా కనిపిస్తుంది. గురువు చెప్పే ప్రతి మాటనూ మన ఇష్టాయిష్టాలతో జల్లెడ పడితే చివరికి మన అభిప్రాయాలే మిగులుతాయి. దానికి గురువెందుకు?

టిబెట్‌లో మార్పా అనే బౌద్ధ గురువు తన శిష్యుడు మిలరేపా చేత రాతి బురుజులు కట్టించి, మళ్లీ కూలగొట్టించాడు. అదీ ఒక్కసారి కాదు. ఎందుకు కట్టాలి, ఎందుకు కూల్చాలి అని వాదనకు దిగి ఉంటే మిలరేపా పేరు ఇవాళ మనకు తెలిసేదే కాదు. ముండకోపనిషత్తు కూడా సమిధలు, అంటే హోమంలో వేసే పుల్లలు, చేతపట్టుకుని గురువు దగ్గరికి వెళ్లమంది. సమిధలు పట్టుకెళ్లేవాడు సేవ చేయడానికి వెళ్తాడు, పరీక్ష పెట్టడానికి కాదు.

సమిధ:
శ్రద్ధావంతుడు గారూ, సమిధలు పట్టుకుని వెళ్లినవాళ్ల కథే ఒకటుంది, ఛాందోగ్య ఉపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో. ఈ చర్చకు నా జవాబంతా అందులోనే ఉందనుకుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ఆత్మ గురించి తెలుసుకోవాలని ప్రజాపతి దగ్గరికి వెళ్లారు. ఇద్దరూ సమిధలు పట్టుకునే వెళ్లారు. ఇద్దరూ 32 ఏళ్లు బ్రహ్మచర్యం పాటించారు. ఇద్దరికీ ఒకే పాఠం: నీళ్లలోకి చూడండి, బాగా అలంకరించుకుని మళ్లీ చూడండి, కనిపించేదే ఆత్మ. ఇద్దరూ తృప్తిగా బయల్దేరారు. వెళ్తున్నవాళ్లను చూసి ప్రజాపతి, వీళ్లు ఆత్మను తెలుసుకోకుండానే పోతున్నారు అనుకున్నాడు, కానీ వెనక్కి పిలవలేదు.

విరోచనుడు నేరుగా అసురుల దగ్గరికి పోయి దేహమే ఆత్మ అని బోధించాడు. గురువు చెప్పిన మాటను ఒక్క అక్షరం కూడా శంకించకుండా బోధించాడు! ఇంద్రుడు మాత్రం సగం దారిలో ఆగిపోయాడు. ఒంటికి నగలు పెడితే నీళ్లలోని నీడకూ నగలుంటాయి సరే, మరి కళ్లు పోతే అదీ గుడ్డిదవుతుంది కదా, దేహం పోతే అదీ పోతుంది కదా, ఇందులో నాకు మేలు కనిపించడం లేదు అనుకుని వెనక్కి వచ్చాడు. ఉపనిషత్తు ఇక్కడ ఒక చిన్న వివరం మర్చిపోకుండా చెబుతుంది. రెండోసారీ సమిధలు పట్టుకునే వచ్చాడు. సందేహమూ ఉంది, వినయమూ ఉంది. ప్రజాపతి "నువ్వన్నది నిజమే ఇంద్రా" అన్నాడు. సందేహం వదిలి రమ్మనలేదు. ఇంకో 32 ఏళ్లు ఉండమన్నాడు. కలలో తిరిగే పురుషుడి గురించి చెబితే ఇంద్రుడు మళ్లీ వచ్చాడు, మళ్లీ 32 ఏళ్లు ఉన్నాడు. గాఢనిద్ర గురించి చెబితే, అక్కడ తనెవరో తనకే తెలియదు కదా, ఇదీ నాశనం లాంటిదే అని మళ్లీ వచ్చాడు. చివరికి ఇంకో అయిదేళ్లు. మొత్తం 101 ఏళ్లు. అసలు ఉపదేశం సందేహంతో వెనక్కి వచ్చినవాడికే అందింది.

ఇక మిలరేపా సంగతి. ఆయన తాంత్రిక ప్రయోగాలతో మనుషుల్ని చంపి, ఆ పాపభారంతో మార్పా దగ్గరికి వచ్చినవాడు. ఆ చాకిరీ అందరికీ వర్తించే పద్ధతి కాదు. పైగా ఆయన విసిగిపోయి మార్పా భార్య సాయంతో ఇంకో ఆచార్యుడి దగ్గరికి వెళ్లిపోయిన ఘట్టం కూడా అదే కథలో ఉంది. మనం చదివే ఆ జీవితచరిత్ర 1488లో వచ్చింది, అంటే ఆయన పోయిన మూడు శతాబ్దాల తర్వాత.

శ్రద్ధావంతుడు:
ఇంద్రుడి కథ నాకూ ఇష్టమే. అందులో మీరు దాటేసిన విషయం ఒకటుంది. "ఇంకో 32 ఏళ్లు ఉండు" అంటే ఇంద్రుడు ఎందుకనలేదు. మొదటిసారే అసలు సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీయలేదు. సందేహాన్ని బయటపెట్టాడు, తర్వాత గురువు పెట్టిన షరతుకు తలవంచాడు. ఇప్పుడు చాలామంది ఆ మొదటి సగాన్నే తీసుకుంటున్నారు. సందేహం రాగానే ఇంకో గురువు, అక్కడా ఇబ్బంది అయితే ఇంకో వీడియో. ఏ ఒక్కచోటా పాఠం కుదురుకోదు. దీన్ని విచారణ అనడం నాకు మనసొప్పదు.

ఒకప్పటి శిష్యురాలు:
నేను మీ ఇద్దరిలా గ్రంథాలు చదవలేదు. పేర్లు చెప్పను, జరిగింది చెబుతాను.

మేమున్న చోట ప్రతి శిష్యుడికీ ఒక నోటుపుస్తకం ఉండేది. రోజంతా మనసులో వచ్చిన ఆలోచనలు, కోరికలు, ఎవరిమీదైనా కోపాలు, అన్నీ రాత్రి అందులో రాసి పొద్దున్నే గురువుగారి గది ముందున్న బల్ల మీద పెట్టాలి. దాచుకుంటే అహంకారం కరగదని చెప్పేవారు. మొదట్లో నిజంగానే బరువు దిగినట్టు ఉండేది. కొన్నాళ్లకు, నేను మా అక్క గురించి రాసుకున్న మాట ఒకటి ఆయన సత్సంగంలో అందరి ముందూ, పేరు చెప్పకుండా, ఉదాహరణగా వాడారు. అందరూ నవ్వారు. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు, ఆయనకు తెలుసు. ఆ తర్వాత నేను పుస్తకంలో ఆయనకు నచ్చే ఆలోచనలే రాయడం మొదలుపెట్టాను. మిగతావాళ్లూ అంతేనని తర్వాత తెలిసింది. అహంకారం కరగలేదండి, వేషం కట్టడం నేర్చుకుంది.

విరాళాల లెక్కలు చూపించమని ఒకసారి అడిగితే "నీ కర్మ నీ చేత అడిగిస్తోంది" అన్నారు పెద్ద శిష్యులు. నేను బయటికి రావడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంటే అక్కడ నేర్చుకున్న ధ్యానం నిజంగా పనిచేసింది. పాఠం అబద్ధమైతే ఎప్పుడో వచ్చేసేదాన్ని.

ఏకాంతం:
అందుకే నేనంటాను, అసలు మధ్యలో మనిషే వద్దు. రమణ మహర్షికి 1896లో మధురైలో మరణానుభవం కలిగినప్పుడు పక్కన ఏ గురువూ లేడు. జిడ్డు కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను తానే రద్దు చేశాడు. భాగవతంలో అవధూత తన 24 మంది గురువుల పేర్లు చెబితే అందులో భూమి, గాలి, కొండచిలువ, తేనెటీగ ఉన్నాయి. వాటిలో ఏదీ నోటుపుస్తకం అడగదు.

సమిధ:
ఒకప్పటి శిష్యురాలు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. మీ అక్క గురించిన మాట అలా వాడటం బోధ కాదు, నమ్మకద్రోహం.

ఏకాంతం గారూ, మీ కోపం అర్థమైంది, కానీ అంత దూరం రాలేను. రమణులకు మనిషి గురువు లేడు, నిజమే. కానీ ఆయన అరుణాచలాన్నే గురువుగా చెప్పుకున్నారు, ఆ తర్వాత అర్ధశతాబ్దం పైగా ఆ కొండ దగ్గరే, వచ్చినవాళ్ల ప్రశ్నలకు జవాబు చెబుతూ గడిపారు. గురువు అక్కర్లేదన్న కృష్ణమూర్తి 1986లో పోయేదాకా జనం ముందు కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు. ఛాందోగ్యంలోనే సత్యకామ జాబాలుడున్నాడు. గురువు అప్పగించిన 400 ఆవుల్ని తోలుకుపోయి, అవి వెయ్యి అయ్యాక తిరిగొస్తుంటే దారిలో ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి తలా ఒక పాదం బ్రహ్మవిద్య చెప్పాయి. అచ్చం మీ అవధూత లాగే. అయినా ఇంటికొచ్చి గురువును అడిగాడు, మీ నోట వింటేనే నిలకడగా ఉంటుందని. తనను తాను మోసం చేసుకోవడం మనిషికి చాలా తేలిక. మన లోపలి మెలికను బయటినుంచి చూసి చెప్పే మనిషి అవసరం నాకైతే ఉంది.

చట్టం చదివినవాడు:
శిష్యురాలు గారి విషయంలో ఒక మాట. కోర్టులు ఈ బంధాన్ని ఎప్పుడో గమనించాయి. 1887లో ఇంగ్లండ్‌లో ఒక కేసు. ఒక మతసంఘంలో సన్యాసినిగా చేరిన మహిళ తన ఆస్తిని సంఘం పెద్దమ్మకు ఇచ్చేసింది. పెద్దమ్మ అనుమతి లేనిదే బయటివాళ్ల సలహా తీసుకోరాదని ఆ సంఘం నియమం. అలాంటి చోట ఇచ్చింది స్వేచ్ఛగా ఇచ్చినట్టు అనుకోలేమని కోర్టు అంది. కానీ బయటికొచ్చాక చాలా ఏళ్లు ఊరుకుందని ఆస్తి తిరిగి ఇప్పించలేదు. 1890లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఇంకా సూటి కేసు వచ్చింది. పరలోకంలో మేలు కలుగుతుందని ఒక వృద్ధుడు ఆస్తంతా గురువుకు రాసిచ్చాడు. ఆ దానపత్రం చెల్లదన్నారు. అనుచిత ప్రభావం గురించి మన కాంట్రాక్టు చట్టం 1872లోనే 16వ సెక్షన్ పెట్టింది. ఆస్తి సంగతి ఇది. మనసు రాసిచ్చినదాన్ని ఏ కోర్టూ వెనక్కి ఇప్పించలేదు, కాబట్టి ముందే చూసుకోవాలి.

వెతుకులాట:
సరే, చూసుకోవాలి. ఎలా చూడాలి? నేను అజ్ఞానిని, ఆయన జ్ఞానో కాదో నాకేం తెలుస్తుంది? శ్రద్ధావంతుడు గారి మొదటి మాట నన్ను ఇంకా వదల్లేదు.

సమిధ:
ఆయన లోపలి స్థితి మీకు తెలియదు, నిజమే. దీనికి బుద్ధుడే జవాబిచ్చాడు. బుద్ధుడి ప్రవచనాల సంకలనం మజ్ఝిమ నికాయంలో వీమంసక సుత్తం ఉంది. ఇతరుల మనసు చదవలేని భిక్షువు తథాగతుణ్ణి, అంటే బుద్ధుణ్ణే, ఎలా పరీక్షించాలి అన్నదే అందులో విషయం. కంటితో చూడగలిగేది, చెవితో వినగలిగేది పరీక్షించమన్నాడు. అంటే ప్రవర్తన, మాట. మచ్చ ఉందా, ఒకసారి మంచి ఒకసారి చెడు కలగలిసి ఉందా, ఎంతకాలంగా ఇలా ఉన్నాడు, పేరు ప్రతిష్ఠలు వచ్చాక ఏమైనా మారాడా అని చూడమన్నాడు. ఆ తర్వాత వెళ్లి ఆయన్నే అడగమన్నాడు. తన విషయంలోనే ఇలా చెప్పాడండి!

డబ్బు తాకలేనన్న రామకృష్ణుల మాట నిజమో కాదో అని, ఆయన గదిలో లేనప్పుడు నరేంద్రుడు (తర్వాతి వివేకానందుడు) పరుపు కింద రూపాయి పెట్టి పరీక్షించిన సంగతి చాలామందికి తెలుసు. తెలిశాక ఆయన కోప్పడలేదు, అలాగే పరీక్షించమని ప్రోత్సహించారు. తైత్తిరీయ ఉపనిషత్తులో చదువు ముగించి వెళ్లే శిష్యుడితో ఆచార్యుడు, మాలో ఉన్న మంచి నడవడినే పాటించు, మిగతాది వద్దు అంటాడు. గీత నాలుగో అధ్యాయం ప్రణిపాతం (నమస్కరించడం), పరిప్రశ్న (ప్రశ్నించడం), సేవ అని మూడూ కలిపి చెప్పింది. మధ్యదాన్ని తీసేసే హక్కు ఎవరికీ లేదు.

అందుకని మీ గురువుగారి గురించి నేను తీర్పు చెప్పను. ఒక్క జవాబుతో మనిషిని కొలవకూడదు, ఆ రోజు ఆయన అలసిపోయి ఉండొచ్చు. ఏకాంతంగా కలిసి అదే ప్రశ్న మళ్లీ అడగండి. పాఠంతో జవాబిస్తారా, మీ స్వభావం మీదికి తిప్పుతారా చూడండి. ఆయన్ను కాదని చెప్పగలిగేవాళ్లు ఒక్కరైనా దగ్గర ఉన్నారా? విడిచి వెళ్లినవాళ్ల గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారు? నా దృష్టిలో చివరిదే ముఖ్యం.

శ్రద్ధావంతుడు:
చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్కటి మిగిలింది. జ్ఞానికి విధినిషేధాలు, అంటే ఇది చేయాలి ఇది చేయకూడదనే నియమాలు, అంటవని శాస్త్రమే చెబుతుంది కదా. మరి బయటి ప్రవర్తన చూసి లోపల జ్ఞానం లేదని ఎలా తేలుస్తారు?

సమిధ:
సరిగ్గా ఆ వాదాన్ని అడ్డం పెట్టుకునే ఎక్కువ అన్యాయాలు జరిగాయి. శంకరుల శిష్యుడు సురేశ్వరాచార్యులు నైష్కర్మ్యసిద్ధి అనే గ్రంథంలో దీనికి జవాబు రాశారు. అద్వైతం తెలిసినవాడు ఇష్టమొచ్చినట్టు నడుచుకునేట్టయితే, అశుద్ధం తినే విషయంలో కుక్కకూ తత్త్వం తెలిసినవాడికీ తేడా ఏముంది అని అడిగారు. ఇంతకంటే కఠినంగా ఏ విమర్శకుడూ అనలేడు. ఈ కాలం విషయానికొస్తే, 1993లో ధర్మశాలలో పాశ్చాత్య బౌద్ధ ఆచార్యులతో జరిగిన సమావేశంలో దలైలామా, తప్పు చేసే గురువు ఎవరు చెప్పినా మారకపోతే బహిరంగంగా చెప్పాల్సిందేనన్నారు. గురువును బుద్ధుడిగా భావించమనే సంప్రదాయంలోంచి వచ్చిన మనిషి అన్న మాట అది.

శ్రద్ధావంతుడు:
సురేశ్వరుల మాటకు ఎదురు చెప్పలేను. అయినా శరణాగతి విషయంలో నా అభిప్రాయం మారలేదు. పరీక్షించాల్సినంతా పరీక్షించాక ఏదో ఒక రోజు పరీక్ష ఆపి నీళ్లలోకి దిగాల్సి ఉంటుంది, ఆ రోజు భయం వేస్తుంది. ఆ భయానికి విచారణ అని పేరు పెట్టుకుని జీవితమంతా గట్టు మీదే ఉండిపోయినవాళ్లను నేను దగ్గరగా చూశాను.

ఒకప్పటి శిష్యురాలు:
దిగండి శ్రద్ధావంతుడు గారూ, తప్పకుండా దిగండి. దిగే ముందు, అక్కడినుంచి బయటికి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకరితో మాట్లాడండి. నేను చేరేటప్పుడు నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.