సాదాబైనామా: 2020లో పెట్టిన అర్జీ ఇంకా లెక్కలో ఉందా, మళ్లీ పెట్టుకోవాలా?

రాసినది: పత్తిచెలక

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ వైపు ఊరు. ఊరి పేరు చెప్పను, చెప్తే సాయంత్రానికల్లా హోటల్ కాడ అందరికీ తెలిసిపోతుంది.

1998లో మా నాయిన వరసకు పెదనాయిన అయ్యే ఒకాయన దగ్గర ఎకరం పది గుంటల చెలక కొన్నాడు. పట్టా చేయించుకోలేదు, రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితమే, దాన్నే సాదాబైనామా అంటారు. ఆ కాగితం ఇప్పటికీ ఇనుప పెట్టెలో నాయిన పెళ్లి పంచె మడతలో ఉంది. మధ్యలో మడత పడ్డచోట చిరిగితే అమ్మ అన్నం మెతుకుతో అతికించింది. నాలుగు వేలిముద్రలు, రెండు రెవెన్యూ స్టాంపులు, "పడమర వాగు, ఉత్తరం బండ్ల బాట" అని చెక్కుబందీ. ఆ బండ్ల బాట ఇప్పుడు సీసీ రోడ్డు.

అప్పటి నుంచి దున్నేది మేమే, బోరు వేసింది మేమే. కానీ పాస్‌బుక్ అమ్మినాయన కొడుకుల పేరు మీద ఉంది, వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. రైతు భరోసా ఎకరాకు 6 వేలు పడితే మెసేజ్ వాళ్ల ఫోన్‌కే పోతుంది. ఒక పంటకు మాకు పంపించారు, తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గింది. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు, అడగాలంటే మాకే మొహమాటం.

2020లో ఇలాంటి కాగితాలకు పట్టా చేస్తామని సర్కారు అవకాశం ఇచ్చినప్పుడు నాయిన మీసేవలో అర్జీ పెట్టాడు. తర్వాత కోర్టు స్టే అన్నారు, ఐదేళ్లు ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు భూభారతి అని కొత్త భూమి చట్టం వచ్చింది, సాదాబైనామాలు చేస్తున్నారు అంటున్నారు. మండల ఆఫీసు బయట తిరిగే ఒకతను మాత్రం "పాత అర్జీలు చెల్లవు, కొత్తగా నేను పెట్టిస్తా, మొత్తం 40 వేలు" అంటున్నాడు. నాయినకు టెన్షన్ ఎక్కువై పత్తి అమ్మిన పైసలు ఇచ్చేద్దాం అంటున్నాడు. నిజంగా మళ్లీ పెట్టుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

—

జవాబు: మిర్యాలగూడ_కుర్రోడు

అన్నా, సింపుల్. భూభారతి పోర్టల్‌లో కొత్త అర్జీ పెట్టెయ్. పాత భూమి పోర్టల్ ధరణి పోయింది కదా, ధరణిలో ఉన్నవన్నీ పోయినట్టే.

—

జవాబు: రిటైర్డ్ గుమాస్తా

పై తమ్ముడు చెప్పింది తప్పు. దయచేసి ఇలా తెలియకుండా రాయకండి, దాన్ని నమ్మి ఎవరో ఒకరు 40 వేలు పోగొట్టుకుంటారు.

పత్తిచెలక గారూ, మీరు ముందు చేయాల్సిన పని ఒక్కటే, 2020 నాటి మీసేవ రసీదు వెతకండి. భూభారతి చట్టంలో సాదాబైనామాకు దారి ఇచ్చింది అప్పట్లో అర్జీ పెట్టుకున్నవాళ్లకే. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య పెట్టిన అర్జీ అయి ఉండాలి, భూమి 2014 జూన్ 2కు ముందు కొన్నదై ఉండాలి, పన్నెండేళ్లుగా మీ కబ్జాలో ఉండాలి, మీరు సన్న చిన్నకారు రైతు అయి ఉండాలి. మీది 1998 అంటున్నారు, ఎకరం పది గుంటలే అంటున్నారు, కాబట్టి ఈ మూడింటికీ ఇబ్బంది లేదు. కొత్త అర్జీ పెట్టిస్తా అనేవాడు మీకు లేని తలుపు చూపించి తాళం చెవి అమ్ముతున్నాడు.

అసలు ఆగిపోవడానికి కారణం కూడా చెప్తాను, చాలామందికి ఇది తెలియదు. సాదాబైనామాలు క్రమబద్ధీకరించి 13-బి సర్టిఫికెట్ ఇచ్చేది 1971 నాటి భూమి హక్కుల, పాస్‌బుక్‌ల చట్టం కింద. 2020 అక్టోబర్ చివర్లో ధరణి చట్టం అమల్లోకి వచ్చింది, పాత చట్టం రద్దయింది, కొత్త దాంట్లో సాదాబైనామా ఊసే లేదు. చట్టమే లేనప్పుడు ఏ అధికారంతో చేస్తారని హైకోర్టు ఆపింది. అలా దాదాపు 9 లక్షల అర్జీలు మూలన పడ్డాయి. తప్పు మీ నాయినది కాదు, కాగితానిదీ కాదు. 2025లో భూభారతి చట్టంలో ఈ సెక్షన్ పెట్టారు, ఏప్రిల్ 14న అమల్లోకి తెచ్చారు, ఆగస్టులో హైకోర్టులో అడ్డం తొలగింది, సెప్టెంబర్‌లో జీవో వచ్చింది.

ఇప్పుడు తేల్చేది ఆర్డీవో, అంటే రెవెన్యూ డివిజన్ అధికారి. తహసీల్దార్ ఆఫీసు నుంచి నోటీసులు, పొలం మీదికి వచ్చి విచారణ, రిపోర్టు, ఆ తర్వాత ఆర్డీవో ఆర్డర్. ఆ ఆర్డర్ నచ్చకపోతే కలెక్టర్ దగ్గర అప్పీలు, ఆ తర్వాత ట్రిబ్యునల్ ఉన్నాయి. ధరణిలో చాలా తప్పులకు సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ బాధ కొంత తగ్గింది.

ఒక్క మాట, ఆ భూమి అసైన్డ్, అంటే సర్కారు పేదలకు ఇచ్చినది అయితే ఇదంతా పనికిరాదు. పట్టా భూమేనా కాదా పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో చూసుకోండి.

—

జవాబు: మద్దూరు బావ

మాది నారాయణపేట జిల్లా మద్దూరు. భూభారతి మొదట పెట్టిన నాలుగు మండలాల్లో మాది ఒకటి, కాబట్టి ఊళ్లోకే ఆఫీసర్లు వచ్చి టేబుల్ వేసుకుని కూర్చున్నారు. పెన్షన్ల లైన్ అనుకుని మా మేనత్త కూడా నిలబడింది, అది వేరే కథ.

అప్పుడు మా పక్క పొలం ఆయనది మీలాంటి కేసే. ఆయన కాగితాలు తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, కానీ స్టే ఉంది కాబట్టి ఆగమన్నారు. స్టే పోయాక పిలిచారు. ఆయన్ను అడిగింది కాగితం ఒక్కటే కాదు. కబ్జాకు రుజువు చూపించమన్నారు. ఆయన దగ్గర పాత పహాణీ నకళ్లు ఉన్నాయి, అందులో అనుభవదారు, అంటే భూమి దున్నుకునేవాళ్ల కాలమ్‌లో ఆయన పేరు ఉంది. బోరు కరెంటు సర్వీసు ఆయన పేరు మీదే ఉంది. గెట్టు పక్కవాళ్లు ఇద్దరు వచ్చి ఇరవై ఏళ్ల నుంచి ఈయనే దున్నుతున్నాడని చెప్పారు. ఈ పని అయింది కాబట్టి నేను రాస్తున్నా. ధరణి వచ్చాక అనుభవదారు కాలమ్ తీసేశారు కదా, అందుకే దానికి ముందు పహాణీలే తీయించుకోండి, కొత్తవి తీస్తే పట్టాదారు పేరు తప్ప ఏమీ ఉండదు.

ఇంకోటి, అమ్మినోళ్ల కొడుకులకు నోటీసు పోకముందే మీరు పోయి కలవండి. ఉత్త చేతులతో కాదు, బత్తాయిలు తీసుకుపోండి. నోటీసు చూసి "మమ్మల్ని కోర్టుకు ఈడుస్తున్నారా" అని పంతం పడితే మంచి మనుషులు కూడా మొండికేస్తారు. రైతు భరోసా పైసల లెక్క ఆ రోజు తీయకండి.

—

జవాబు: కల్వకుర్తి కోడలు

మద్దూరు అన్న చెప్పిందానికి ఇంకొకటి కలుపుతా. సర్వే నంబర్ మొత్తం ఎంతో చూసుకోండి పత్తిచెలక అన్నా. మా మామగారు కాగితం మీద రెండెకరాలు అని రాయించుకున్నారు, కొలిస్తే ఎకరం ముప్పై గుంటలే వచ్చింది. అప్పట్లో అడుగులేసి కొలిచినవి కదా. ఇప్పుడు లైసెన్స్ ఉన్న సర్వేయర్లు ఉన్నారు, ఇకపై భూమి అమ్మినా కొన్నా పటం జతచేయాలని కూడా ఈ చట్టంలో ఉంది. ముందే కొలిపించుకుంటే ఆఫీసర్ వచ్చిన రోజు గెట్టు మీద పంచాయితీ రాదు.

మాకు ఊరికి గ్రామ పాలన అధికారిని వేశారు, వీఆర్వోలను తీసేశాక ఐదేళ్లకు. అతని దగ్గర అడిగితే మీ అర్జీ ఎక్కడుందో చెప్తాడు కావచ్చు, మాకైతే చెప్పాడు, పైసా తీసుకోలేదు.

—

జవాబు: మిర్యాలగూడ_కుర్రోడు

సారీ గుమాస్తా గారూ, మా ఊళ్లో ఒకాయన చెప్తే విని రాశా. పాస్‌బుక్‌లో పేరు తప్పు సరిచేసుకోవడానికి ఆయన కొత్త అర్జీ పెట్టాడు, నేను దాన్నీ దీన్నీ కలిపేశా.

—

జవాబు: రిటైర్డ్ గుమాస్తా

పర్వాలేదు బాబూ. అది వేరే సెక్షన్, ఇది వేరే. ఏ ఫీజు కట్టాల్సి వచ్చినా చలాన్ మీదే కట్టండి పత్తిచెలక గారూ, చేతికి ఇవ్వకండి.

—

జవాబు: పత్తిచెలక

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇల్లంతా తిరగేశాం. రసీదు పెట్టెలో లేదు, అమ్మ దేవుడి పటం వెనక పెట్టింది. ఐదేళ్ల అగరుబత్తి పొగకు పసుపు రంగు తిరిగింది, నంబర్‌లో చివరి అంకె మూడో ఎనిమిదో తెలియడం లేదు. తేదీ మాత్రం చక్కగా ఉంది, నవంబర్ 6, 2020. నాయిన ఆ తేదీ నాతో మూడుసార్లు చదివించుకున్నాడు.

రెండు నంబర్లూ రాసుకుని ముందు మీసేవకు పోతున్నా, తేలకపోతే సోమవారం ఆఫీసర్లు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇస్తా. ఆ 40 వేల మనిషికి నాయినే ఫోన్ చేసి వద్దని చెప్పాడు. అతను "మీ ఇష్టం, తర్వాత నా దగ్గరికే వస్తారు" అన్నాడట.

మద్దూరు అన్నా, బత్తాయిలు ఈసారి మా తోటలో లేవు, నల్లగొండ మార్కెట్‌లో కొని తీసుకుపోతా, పర్లేదా?