చిన్న డైయింగ్ యూనిట్‌కు సొంత జడ్‌ఎల్‌డీ అవసరమా? లెక్కలతో వాదిద్దాం

మానేరు_డైహౌస్
వరంగల్ వైపు పెట్టబోయే యూనిట్ అనుకోండి. రోజుకు 1500 కిలోల కాటన్ నిట్ గుడ్డ, అన్నీ రియాక్టివ్ రంగులే. సాఫ్ట్‌ఫ్లో మెషీన్లు, కిలో గుడ్డకు 8 లీటర్ల బాత్ (రంగు వేసే నీళ్లు). కడుగుళ్లతో కలిపి కిలోకు 60 లీటర్లు, అంటే రోజుకు 90 కిలోలీటర్ల మురుగు. బోరు నీళ్లు, వాటి టీడీఎస్ (కరిగిన ఉప్పులు) లీటరుకు 600 మిల్లీగ్రాములు. దగ్గర్లో సీఈటీపీ (యూనిట్లన్నింటికీ ఉమ్మడి మురుగు శుద్ధి ప్లాంటు) లేదు. బొట్టు కూడా బయటికి వదలని జడ్‌ఎల్‌డీ పెట్టాల్సిందేనా? సూక్ష్మజీవులతో మురుగు శుద్ధి చేసే మంచి బయలాజికల్ ఈటీపీ, దాని వెనక ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు సరిపోవా?

నొయ్యల్_పాఠం
సరిపోవు. బయలాజికల్ ట్యాంకు మురుగులోని మలినాల కొలతలైన బీఓడీని 30కి, సీఓడీని 250కి దించగలదు కానీ ఉప్పు జోలికి పోదు. రంగు గుడ్డకు ఎక్కడానికి మీడియం షేడ్‌కు బాత్‌లో లీటరుకు 50 గ్రాముల ఉప్పు, 15 గ్రాముల సోడా యాష్ వేసుకోండి. కిలో గుడ్డకు 400 గ్రాముల ఉప్పు, 120 గ్రాముల సోడా. 1500 కిలోలకు మొత్తం 780 కిలోలు. దాన్ని 90 కిలోలీటర్లలో కలిపితే లీటరుకు 8.7 గ్రాములు, పైన బోరు ఉప్పు. 2016 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం టీడీఎస్ హద్దు లీటరుకు 2100 మిల్లీగ్రాములు. సముద్రంలోకి సరైన గొట్టంతో వదిలేవాళ్లకు ఆ హద్దు లేదు, వరంగల్‌కు సముద్రం లేదు.

తమిళనాడులో నిట్ గుడ్డల ఊరు తిరుప్పూరులో జరిగింది ఇదే. నొయ్యల్ నది మీద 1992లో కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్‌లో సాగునీటికి బదులు రంగునీళ్లు నిలిచాయి. ఆయకట్టు రైతులు కోర్టుకెళ్లారు. మద్రాసు హైకోర్టు 2006లో జడ్‌ఎల్‌డీకి గడువు పెట్టింది, అది అమలు కాకపోయేసరికి 2011 జనవరిలో అద్దకం, బ్లీచింగ్ యూనిట్లన్నీ మూయించింది. ముందు పెట్టుకోకపోతే తర్వాత మూసుకుని పెట్టాలి.

ఆవిరి_ఖర్చు
తిరుప్పూరు కథలో రెండో సగం కూడా చెప్పండి మరి. షెడ్లలో గుట్టలుగా పడిన మిశ్రమ ఉప్పు సంగతి. సోడియం క్లోరైడ్, సల్ఫేట్, మిగిలిన రంగు కలిసిన ఆ ముద్దను కొనేవాడుండడు. నీళ్లలో కరిగేది కాబట్టి గుంతలో పూడ్చడం కూడా తలనొప్పే.

ఇక ఈ యూనిట్ లెక్క. మెంబ్రేన్‌తో నీళ్లను వడగట్టే ఆర్‌ఓ 85 శాతం మంచినీళ్లు తీసిచ్చినా 13.5 కిలోలీటర్ల రిజెక్ట్ (ఉప్పు చిక్కబడిన నీళ్లు) మిగులుతుంది, లీటరుకు 58 గ్రాములకు పైనే. దాన్ని నాలుగు ఎఫెక్ట్‌ల (ఒకదాని ఆవిరితో ఇంకోటి మరిగే దశల) ఎవాపొరేటర్‌లో మరిగిస్తే కిలో ఆవిరికి 3.3 కిలోల నీళ్లు పోతాయనుకున్నా రోజుకు 4 టన్నుల ఆవిరి. ఊక బాయిలరైతే 1.2 టన్నుల పైచిలుకు ఊక రోజూ. అంటే గుడ్డకు రంగు వేయడానికి ఒక బాయిలరు, ఉప్పు ఎండబెట్టడానికి ఇంకోటి. చెరువును కాపాడి పొగగొట్టం పెంచడమేనా పర్యావరణం?

బోరునీళ్లు
ఇద్దరూ సిలికా మరిచారు. మన గ్రానైట్ నేలల బోర్లలో లీటరుకు 40 మిల్లీగ్రాముల సిలికా మామూలే. 85 శాతం రికవరీ అంటే రిజెక్ట్‌లో 6.7 రెట్లు, అంటే 267. గది వేడిలో సిలికా కరిగి నిలిచేది దాదాపు 120 దాకే. పొర కట్టకుండా వేసే యాంటీస్కేలెంట్‌తో కొంత లాగొచ్చు, ఇంత దూరం కాదు. సిలికా గాజులా అంటుకున్న మెంబ్రేన్‌ను యాసిడ్‌తో కడిగినా ప్రయోజనం లేదు. ఈ నీళ్లతో 85 శాతం అమ్మేవాడి కాగితాన్ని నమ్మకండి.

ఉప్పు_లెక్క
బోరునీళ్లు గారూ, మీ గుణకారం మొదటి వారానికే నిజం. ఆర్‌ఓ నీళ్లు మళ్లీ అద్దకానికే వెళ్తాయి, వాటిలో సిలికా దాదాపు ఉండదు. బోరు నుంచి కొత్తగా తీసుకునేది ఐదో వంతు. కాబట్టి మురుగులో బోరు సిలికా 8 దాటదు, రిజెక్ట్‌లో 55. అసలు దొంగ బ్లీచింగ్ బాత్‌లో ఉన్నాడు. పెరాక్సైడ్ నిలకడకు లీటరుకు 2 గ్రాముల సోడియం సిలికేట్ వాడితే రోజుకు ఆరేడు కిలోల సిలికా, అంటే మురుగులో 75 మిల్లీగ్రాములు. ఆర్గానిక్ స్టెబిలైజర్‌కు మారితే ఆ బాధ ఉండదు. ఉప్పు లేకుండా రంగు వేయొచ్చని కోల్డ్ ప్యాడ్ బ్యాచ్‌ను (గుడ్డకు రంగు, ఆల్కలీ పట్టించి వేడి చేయకుండా ఉంచే పద్ధతిని) చాలామంది సూచిస్తారు, మంచిదే. అందులోనూ ఆల్కలీగా సిలికేట్ వాడే అలవాటుంది, అక్కడా ఓ కన్నేయాలి.

ఇప్పుడు అసలు మాట. 90 కిలోలీటర్లనూ ఒకే ట్యాంకులో కలిపాక జడ్‌ఎల్‌డీయా కాదా అని వాదించడమే తప్పు. బాత్ డ్రెయిన్ చేసినప్పుడు గుడ్డ కిలోకు 2.5 లీటర్లు పట్టుకుంటుంది, 5.5 లీటర్లు కిందికి పోతాయి. అక్కడికే 69 శాతం ఉప్పు బయటపడింది. మొదటి కడుగులో ఇంకో 21 శాతం. ఈ రెండు డ్రెయిన్లూ కలిపి కిలోకు 11 లీటర్లు, అంటే 16.5 కిలోలీటర్లలో 90 శాతం ఉప్పు ఉంది. మిగతా 73.5 కిలోలీటర్లలో మనం చేర్చింది లీటరుకు 1.1 గ్రాములే.

ఆ 16.5ను వేరుగా పట్టండి. సాదా ఉప్పు వాడే యూనిట్‌కు నానోఫిల్టరు సరిపోతుంది. రంగును ఆపి సోడియం క్లోరైడ్‌ను వదులుతుంది, ఆ బ్రైన్‌ను (ఉప్పునీళ్లను) తర్వాతి బాత్‌కు వాడి లోటు మాత్రం ఉప్పుతో నింపాలి. దాని ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పీహెచ్ 6కు దించి, గాలి కొట్టి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టాలి. లేకపోతే మిగిలిన కార్బొనేట్ బాత్‌లో ముందే ఆల్కలీ పుట్టించి గుడ్డ మచ్చలు పడుతుంది. ఎవాపొరేటర్‌కు వెళ్లేది నానో రిజెక్ట్ 2 కిలోలీటర్లే. గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేట్) వాడితే మాత్రం ఈ దారి లేదు. నానో మెంబ్రేన్ సల్ఫేట్‌ను రంగుతో పాటే ఆపేస్తుంది. ఉప్పు ఎంపిక కొనుగోలు విభాగం చేసేది కాదు, ఈటీపీ డిజైన్ అక్కడే మొదలవుతుంది.

ఆవిరి_ఖర్చు
కాగితం మీద బాగుంది. రాత్రి షిఫ్టులో ఆపరేటర్ రెండు డ్రెయిన్ వాల్వుల్లో తప్పుది తిప్పితే?

ఉప్పు_లెక్క
తిప్పకుండా చేయాలి. మెషీన్ ప్రోగ్రామ్‌లోనే డ్రెయిన్ స్టెప్‌కు న్యూమాటిక్ వాల్వు కట్టండి, డ్రెయిన్ గొట్టంలో ఉప్పు ఎంతుందో పట్టే ఒక కండక్టివిటీ ప్రోబ్ పెట్టండి. చేతి వాల్వు పెట్టి మనిషిని తిట్టడం అన్యాయం. ప్రోబ్‌కు వారానికోసారి పొర తుడవాలి, లేకపోతే అదీ అబద్ధం చెబుతుంది.

సిరిసిల్ల_మగ్గం
ఒక్క మాట. ఈ గొడవంతా కాటన్‌కే. మా దగ్గర ఎక్కువ పాలిస్టర్. డిస్పర్స్ రంగులకు ఉప్పే అక్కర్లేదు, అక్కడ తలనొప్పి సీఓడీ, హైడ్రో (సోడియం హైడ్రోసల్ఫైట్)తో పైపై రంగు పోగొట్టే రిడక్షన్ క్లియరింగ్. అందరికీ ఒకటే జడ్‌ఎల్‌డీ అంటే ఉప్పు లేని యూనిట్ కూడా ఉప్పు యంత్రం కొనాలి.

బోరునీళ్లు
సిలికా విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ ఉప్పు_లెక్క గారు ఆ 73.5 కిలోలీటర్లను ఎక్కడికి పంపుతారు? బోరు 600 కలిపి టీడీఎస్ 1700 వస్తుంది, 2100 లోపలే. కానీ అదే నోటిఫికేషన్‌లో ఎస్‌ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోల్చి సోడియం ఎంతో చెప్పే నిష్పత్తి) 26 అనే హద్దు కూడా ఉంది. అద్దకానికి కాఠిన్యం తీసేసిన సాఫ్ట్‌నర్ నీళ్లు వాడాం, కాల్షియం, మెగ్నీషియం దాదాపు లేవు. సోడియం 23 మిల్లీ ఈక్వివలెంట్లు, కాఠిన్యం 20 మిల్లీగ్రాములే అనుకుంటే ఎస్‌ఏఆర్ 50 దాటుతుంది. టీడీఎస్ మీటర్ పచ్చగా చూపిస్తుంటే పక్క పొలంలో నల్లరేగడి బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు.

ఉప్పు_లెక్క
సరైన దెబ్బ. చివరి ట్యాంకులో లీటరుకు 130 మిల్లీగ్రాముల చొప్పున జిప్సం కరిగిస్తే 26 లోపలికి వస్తుంది, మొత్తం 1850 లోపే. కాస్త ఎక్కువే వేసుకోవడం మేలు. అంతకంటే మెరుగు, ఈ నీళ్లకు తక్కువ ప్రెజర్ ఆర్‌ఓ పెట్టి మళ్లీ వాడుకోవడం. అప్పుడు దాని రిజెక్ట్‌కు మళ్లీ దారి వెతకాలి, అది దాచను.

నొయ్యల్_పాఠం
అంటే తిరిగి తిరిగి జడ్‌ఎల్‌డీ దగ్గరికే వచ్చారు! మిశ్రమ ఉప్పు తలరాత ఏమీ కాదు. గ్లాబర్ సాల్ట్ ఒక్కటే వాడి, తటస్థం చేయడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ మాత్రమే వాడితే సోడా యాష్ కూడా సల్ఫేటే అవుతుంది. 180 కిలోల సోడాకు రోజుకు 240 కిలోల సల్ఫేట్ మిగులు. ఎవాపొరేటర్‌లో లీటరుకు 200 గ్రాములు దాటించి, చిల్లర్‌తో 5–8 డిగ్రీలకు దించితే శుభ్రమైన స్ఫటికాలు దిగుతాయి. ఇందులోకి క్లోరైడ్ దొంగచాటుగా వచ్చేది సాఫ్ట్‌నర్ రీజెనరేషన్ నీళ్లతో, హైపో బ్లీచింగ్‌తో, చవగ్గా దొరికిందని తెచ్చిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో. ఆ మూడు లైన్లూ ఈటీపీకి రాకుండా కోసేయండి.

ఇంకొకటి రంగుల గదికి రాసిపెట్టాలి. చిల్లర్ నుంచి వచ్చే స్ఫటికాల్లో 56 శాతం నీళ్లే. కొన్న పొడి గ్లాబర్ ఒక కిలోకు బదులు ఇవి 2.27 కిలోలు వేయాలి. పాత రెసిపీ ప్రకారం కిలోకు కిలో తూచితే షేడ్ తేలిపోతుంది. అప్పుడు మాస్టర్ గారు తూకం చూడకుండా "ఈటీపీ ఉప్పు పనికిరాదు" అని రాస్తారు, మళ్లీ కొత్త బస్తాలు దిగుతాయి.